మబ్బన్న దిగిన పూట

నూట నలభయ్యో మెట్టు దగ్గర అతను ఎప్పటిలాగే ఆగాడు. క్రేను స్తంభం లోపల నిలువుగా సాగే ఇనుప నిచ్చెన అది. మొత్తం రెండు వందల ఎనభై మెట్లు. పద్దెనిమిదేళ్ళుగా సగంలో ఆగి, ఊపిరి పీల్చుకుని, ఒకసారి కిందికి చూసి మళ్ళీ ఎక్కడం అలవాటు. ఇవాళ చూద్దామంటే కింద ఏమీ లేదు. లేస్తున్న భవనాన్నీ, ఇసుక గుట్టల్నీ, ఇనుము వంచేవాళ్ళనీ పొగమంచు మింగేసింది.

పొద్దున దొడ్డికి వెళ్ళొచ్చి గంటన్నర దాటినా మంట చల్లారలేదు. ముందు గాజుపెంకుతో గీసినట్టుంటుంది. ఆ తర్వాత మొదలయ్యే మంట ఓ పట్టాన వదలదు. రెండు నెలలుగా ఇదే వరస. ఎర్రటి చుక్కలు రెండో మూడో కనిపిస్తే గబగబా నీళ్ళు పోసేస్తాడు. "ఏంటి ఇంతసేపు?" అని భార్య అడిగితే పేపరు చదువుతున్నానంటాడు. వాళ్ళింట్లో పేపరు మానేసి మూడేళ్ళయింది.

పైకెక్కి క్యాబిన్ తలుపు వేసుకున్నాక ప్రాణం కుదుటపడింది. ఒక కుర్చీ, మూడు వైపులా అద్దాలు, కాళ్ళ కింద కూడా అద్దమే. రెండు గదుల ఇంట్లో భార్య, ఇద్దరు కూతుళ్ళు, అత్తగారు, తను. ప్రపంచంలో అతనికంటూ ఉన్న గది ఇదొక్కటే. మంచు పైన ఎండ లేతగా కాస్తోంది. క్రేను పొడవాటి చెయ్యి తెల్లటి చెరువు మీద చాచినట్టుంది. కొక్కేన్ని అందులోకి వదిలితే ఏ చేపో పడుతుందేమో అనిపించింది. ఇలాంటి ఊహలు ఎవరికైనా చెబితే నవ్వుతారు. అయినా సైటులో అతన్ని అందరూ మబ్బన్న అనే పిలుస్తారు.

దిగి మళ్ళీ ఎక్కాలంటే గంట పని. అందుకే సాయంత్రం దాకా నీళ్ళు తాగడు. ఏది వచ్చినా "ఆగు" అంటాడు. ఒళ్ళు పద్దెనిమిదేళ్ళు బుద్ధిగా మాట విన్నది. ఇప్పుడు ఎదురు తిరిగింది. నొప్పికి భయపడి రాత్రి తిండి కూడా తగ్గించాడు, దాంతో పొద్దున ఇంకా నరకం.

అసలు భయం నొప్పి గురించి కాదు. నాన్న కూడా ఇలాగే చుక్కలు దాచాడు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. చెప్పేనాటికి పేగులో గడ్డ ముదిరిపోయింది. అప్పటికి ఆయనకు నలభై ఆరు. ఇప్పుడు మబ్బన్నకూ నలభై ఆరే.

చొక్కా జేబులో వాకీటాకీ గరగరమంది. "అల్లుడూ, మంచు విడేదాకా కొక్కెం కదపకు. కాసేపు కునుకు తియ్యి." కింద నిలబడి సైగలు చేసే సిగ్నల్ మామ గొంతు అది. కూతుళ్ళు లేని ఆ పెద్దమనిషికి సైటు నిండా అల్లుళ్ళే.

కునుకు కాదు, మబ్బన్నకు ధైర్యం వచ్చింది. వారం నుంచీ దాచుకున్న క్లినిక్ నంబరుకు ఫోన్ చేశాడు. కూర్చోలేక ముందున్న కడ్డీకి ఛాతీ ఆనించి నిలబడ్డాడు. గాలి హోరుకు ఫోను స్పీకర్లో పెట్టాడు.

"సిగ్గుపడకుండా చెప్పండి," అంది డాక్టరమ్మ.

"సిగ్గెందుకండీ? ఇక్కడ నేనూ మబ్బులూ తప్ప ఎవరూ లేరు."

అంతా చెప్పాడు. గాజుపెంకు, మంట, చుక్కలు, నాన్న.

"మీరు చెప్పేదాన్ని బట్టి అది చిన్న చీలిక అయ్యుండొచ్చు," అందామె. "గట్టిగా వచ్చే విరేచనం అక్కడి చర్మాన్ని చీలుస్తుంది. భయపడి ఆపుకుంటే ఇంకా గట్టిపడుతుంది, మానబోయే చీలిక మళ్ళీ చీలుతుంది. నీళ్ళు బాగా తాగండి. పళ్ళు, ఆకుకూరలు తినండి. ఆపుకోవద్దు, ముక్కొద్దు. గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో పది పదిహేను నిమిషాలు కూర్చోండి, రోజుకు రెండు మూడు సార్లు. విరేచనం మెత్తబడే మందూ, పైపూతా చూసి రాసిస్తాను. చాలామందికి కొన్ని వారాల్లో మానిపోతుంది. కానీ నాన్నగారి సంగతి చెప్పారు కదా, రక్తం పడే విషయం ఫోన్లో తేల్చను. ఇవాళే రండి."

"సాయంత్రం దిగాక వస్తానండీ."

"ఇప్పుడే దిగండి."

ఫోను పెట్టేసి కడ్డీ నుంచి వెనక్కి జరిగాడు. వెంటనే వాకీటాకీ పలికింది. "అల్లుడూ... ఇంతసేపూ నీ వాకీటాకీ మాట్లాడే బటన్ నొక్కుకుపోయి ఉంది."

"ఎంతసేపు?"

"మొదటినుంచీ. ఎంత అరిచినా నీకు వినపడదాయె."

కింద పద్నాలుగు వాకీటాకీలు. పద్నాలుగు జతల చెవులు. మబ్బన్న కుర్చీలో కూలబడి, నొప్పికి మళ్ళీ లేచాడు. ఈ మంచు ఎప్పటికీ విడకూడదని, తను ఎప్పటికీ దిగకూడదని చిన్నపిల్లాడిలా కోరుకున్నాడు. ఎవరైనా ఇప్పుడు నవ్వితే రేపు ఈ నిచ్చెన ఎక్కలేడు.

వాకీటాకీలో వెల్డింగ్ మేస్త్రీ గొంతు మెల్లగా వచ్చింది. "మబ్బన్నా, తొట్టిలో ఎన్ని నిమిషాలందీ? అక్కడ సరిగ్గా వినపడలేదు."

"పది పదిహేను," అంది స్టోర్సు చూసే ఆవిడ. "గోరువెచ్చటివి. మరీ వేడివి కాదు."

ఈసారి సిగ్నల్ మామ. "నాకు మూడేళ్ళ నుంచీ ఉంది అల్లుడూ. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

మబ్బన్నకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. భార్యకు ఫోన్ చేశాడు. "క్లినిక్కి వస్తావా? రెండు నెలలుగా రక్తం పడుతోంది."

"అక్కడే ఉండు. కాదు, అక్కడ వద్దు, దిగు. నేనొస్తున్నా," అంది భార్య.

పద్దెనిమిదేళ్ళలో పని వేళ దిగడం ఇదే మొదటిసారి. మెట్టు మెట్టుకూ మంచు పలచబడింది. సగంలో ఆగలేదు. నాన్న తనకన్నా ముందు మెట్లు దిగుతున్నట్టు అనిపించింది, ఈసారి తొందరగానే, సిగ్గు లేకుండా. కింద అందరూ చేతుల్లో పని పెట్టుకుని అటు తిరిగి ఉన్నారు. కావాలనే తిరిగారని అతనికి తెలుసు. సిగ్నల్ మామ ఒక్కడే దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"స్టోర్సు ఆవిడ నీకోసం పెట్టింది," అని నిచ్చెన మొదలు చూపించాడు.

"వచ్చి తీసుకెళ్తా మామా. నువ్వూ రాకూడదూ?"

"రేపొస్తా," అన్నాడు మామ, నేల చూస్తూ. "ఒట్టు."

మబ్బన్న నెమ్మదిగా, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ గేటు దాటాడు. నిచ్చెన దగ్గర కొత్త నీలిరంగు ప్లాస్టిక్ తొట్టి ఒకటి మిగిలింది, దాని మీదున్న కంపెనీ స్టోర్సు లెక్క నంబరును ఎవరో మేకుతో గీకేశారు.