అమ్మ పది వేళ్లు

మా అన్న ఆనంద్ నాకు చెప్పకుండా అమ్మను బ్యాంకుకు తీసుకెళ్లాడని తెలిసిన రోజు నేను రెండు జాకెట్లకు చేతులు తారుమారు చేసి కుట్టాను. నా పేరు మల్లి, గిద్దలూరులో నాది టైలరింగ్ దుకాణం. కోపమొస్తే నా కాలు మిషన్ మీద ఆగదు, నోరు అసలే ఆగదు. వెంటనే మా తమ్ముడు చిన్నాకు ఫోన్ చేసి పావుగంట సేపు అన్నను కడిగిపారేశాను. చిన్నా మార్కాపురంలో ఆటో నడుపుతాడు. వాడు అంతా విని, గొంతు సవరించుకుని, "పోయిన శుక్రవారం నేను గూడా తీసకపోయినాలే అక్కా" అన్నాడు.

ఇక నేనెందుకు ఊరుకోవాలి? తర్వాతి సోమవారం, కళ్ల డాక్టరుకు చూపిస్తానని అబద్ధం చెప్పి అమ్మను నేనూ అదే బ్యాంకుకు తీసుకెళ్లాను. ఈ కథలో నేనొక్కదాన్నే మంచిదాన్నని ఎవరూ అనుకోకూడదని ముందే చెప్పేస్తున్నాను.

సంగతేమిటంటే, పుల్లలచెరువు దగ్గర మా నాయనకు ఎకరన్నర మెట్ట ఉండేది. ఆయన పోయాక అది అమ్మ పేరు మీదికి వచ్చింది. నిరుడు దాన్ని అమ్మితే ఐదు లక్షల నలభై వేలు వచ్చి అమ్మ ఖాతాలో పడ్డాయి. అంతవరకు బాగానే ఉన్నాం. డబ్బు పడ్డ మర్నాడే చెడ్డాం. దొనకొండలో గొర్రెలూ కందిచేనూ చూసుకునే మా అన్న, పొలం డబ్బు కొడుకులకే చెందాలన్నాడు. నేను చట్టం సంగతి ఎత్తాను. "చట్టం నీకొక్కదానికే తెలుసా?" అని అన్న ఒంటికాలి మీద లేచాడు. అప్పటినుంచి ఏడు నెలలుగా మా ఇద్దరికీ మాటల్లేవు.

అన్నకు బోరు వేయించుకోవాలని ఉంది. చిన్నాకు కొత్త ఆటో కావాలి. నాకేం కావాలో మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయి పావని మార్కాపురంలో నర్సింగ్ చదువుతోంది. వచ్చే నెలాఖరులోగా డెబ్భై వేలు ఫీజు కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వబోమన్నారు. మా ఆయన లారీ డ్రైవరు. ఆయన సంపాదనా నా కుట్టుడబ్బులూ కలిపితే ఇల్లు గడుస్తుంది, అంతే. ఆ మాట అన్న చెవిన పడితే బిడ్డను అడ్డం పెట్టుకుని అడుగుతోందంటాడని నోరు మూసుకున్నాను. అమ్మకు కూడా చెప్పలేదు. నాకు రోషం ఎక్కువ.

మా అమ్మ అలివేలమ్మకు అరవై ఎనిమిదేళ్లు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ పక్కనే ఒక చిన్న గదిలో ఉంటుంది. నలభై ఏళ్లకు పైగా పలకరాయిని నీళ్లతో తడిపి, నునుపు తేలేదాకా రుద్దడమే ఆమె పని. మా ముగ్గురిలో ఎవరు రమ్మన్నా "నా కూలి నాకుంది, మీ గోల నాకెందుకు?" అంటుంది.

బ్యాంకులో కౌంటర్ వెనక ఫెబీ మేడం ఉంది. అమ్మను చూడగానే నవ్వింది.

"మల్లా వచ్చినావా అవ్వా? ఈసారి కూతురా?"

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మ మాత్రం కుర్చీలో దర్జాగా కూర్చుని కుడిచేతి బొటనవేలు చాపింది. మిషన్ ఎర్రగా వెలిగి, కుయ్‌మని ఆరిపోయింది. ఫెబీ మేడం ఒక్కొక్క వేలూ పెట్టించింది. పది వేళ్లూ అయిపోయాయి. ఒక్క గీత కూడా దానికి కనపడలేదు.

అమ్మ ఖాతా వివరాలు కొత్తగా ఎక్కిస్తే తప్ప డబ్బు కదలదు. ఎక్కించాలంటే వేలిముద్ర కావాలి. పోనీ ఫోన్‌కు వచ్చే నంబరుతో పని కానిద్దామంటే, ఆధార్‌లో ఉన్నది మూడేళ్ల కిందట చనిపోయిన మా నాయన నంబరు, అదిప్పుడు పనిచేయదు. దాన్ని మార్చాలన్నా వేలిముద్రే కావాలి. వేలికి బదులు కళ్లను మిషన్‌కు చూపిద్దామంటే రెండింటికీ శుక్లాలు.

"ఒకటే దారి," అంది ఫెబీ మేడం. "నెల రోజులు అవ్వను ఏ పనీ ముట్టుకోనీయొద్దు. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి చేతులకు కొబ్బరినూనె పట్టించండి. గీతలు మల్లా వస్తాయి. వచ్చేటప్పుడు ముగ్గురూ కలిసి రండి. వారానికొకరు వస్తే చెప్పిందే చెప్పలేక నా నోరు నొస్తాంది."

అట్లా మొదలైంది మా ఇంట్లో నూనె పంచాయితీ. చిన్నా ఇంట్లో కూర్చుని తలా పది రోజులు అమ్మను ఉంచుకోవాలని తేల్చుకున్నాం. అన్న నాతో మాట్లాడడు కాబట్టి నా పక్కనే కూర్చుని నాకు చెప్పాల్సినవన్నీ చిన్నాకు చెప్పాడు.

"గీతలొచ్చేది ఆఖరి పదిరోజుల్లోనే గదరా. ఆ ఇంటోళ్లు ఒక్కరే పోయి పని చక్కబెట్టుకుంటే?"

"నీ మాదిరి పొయ్యేటోళ్లు ఎవరూ లేరని చెప్పు," అన్నాను నేనూ చిన్నాకే.

"ఇద్దరూ పోయినారు, నేనూ పోయినా. ఇంగ ఆపండి," అన్నాడు చిన్నా.

చివరికి అమ్మే చీటీలు తీసింది. మొదట అన్న, తర్వాత చిన్నా, ఆఖరున నేను. అన్న మొహం మాడిపోయింది. ముప్పయ్యో రోజు ముగ్గురం కలిసే బ్యాంకుకు వెళ్లాలని ఒట్టు వేయించుకుని గానీ లేవలేదు.

ఫోన్‌లో "అమ్మ" అని ఒక గ్రూపు పెట్టాడు చిన్నా. రోజూ సాయంత్రం అమ్మ బొటనవేలి ఫొటో అందులో పడాలి. పెళ్లిచూపుల ఫొటోను కూడా మా ఇంట్లో ఎవరూ అంత శ్రద్ధగా చూసి ఉండరు. అన్న గొర్రెల్ని దొడ్లోకి తోలగానే చేతులు కడుక్కుని తనే నూనె రాస్తున్నాడని, వదినను కూడా రాయనివ్వడం లేదని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చిన్నా వంతు వచ్చేసరికి వాడు నూనె మానేసి ఏదో ఖరీదైన క్రీము కొన్నాడు. దాని వాసన బాగుందని అమ్మ మెచ్చుకుంటే అన్న గ్రూపులో "ఇంకా నున్నగనే ఉంది. వాసనకు గీతలొస్తాయా?" అని పెట్టాడు. ఏడు నెలల తర్వాత అన్న మాట నేను చూడటం అదే. నవ్వొచ్చింది, కానీ జవాబు పెట్టలేదు.

నా వంతు రాగానే అమ్మ బట్టల మూటతో, వక్కాకు తిత్తితో దిగింది. నేను ఆమెను గరిటె కూడా పట్టుకోనివ్వలేదు. పొద్దున దుకాణానికి పోయేముందు, సాయంత్రం వచ్చాక, ఆమె చేతిని నా ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క వేలికీ నూనె రాసేదాన్ని. అరచేయి గట్టిగా, చల్లగా ఉండేది. చూపుడువేలి కింద పొడుగాటి మచ్చ ఒకటి ఉంది.

"ఇదెప్పటిదమ్మా?"

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు పలక పగిలి కోసుకుంది."

నాకు నలభై ఏళ్లు. ఆ మచ్చను నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం కత్తెర మర్చిపోయి ఇంటికొచ్చాను. అమ్మ మంచం మీద లేదు. పెరటి గుమ్మంలో, చెంబెడు నీళ్లు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. చేతిలో అరచేయంత పలకరాయి ముక్క. బొటనవేలు తడిపి దానికేసి రుద్దుతోంది. అది అయ్యాక చూపుడువేలు. ఎవరో కూలికి పెట్టినట్టు ఎంత జాగ్రత్తగా చేస్తోందో!

నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏం చేస్తన్నావమ్మా!"

రాయి కొంగు కింద దాచబోయి మానుకుంది. "చూసినావా? సరేలే, కూర్చో."

"ముగ్గురం నెల దినాల నుంచి నూనె రుద్దుతాంటే నువ్వు రాయి రుద్దుతావా? నీకేమన్నా మతి పోయిందా?"

"అరవమాక. ముద్ర పడితే ఏమయితాది?"

"డబ్బులొస్తాయి!"

"వస్తాయి. ముగ్గురూ కొట్లాడి పంచుకుంటారు. ఆ మరుసటి దినం నుంచి నా చేయి ఎవరు పట్టుకుంటారే?" అంది మామూలుగానే. "మీ నాయన పోయినాక నా చేయి ముట్టుకున్నోళ్లు లేరు. కూలి ఇచ్చేటోడు గూడా బల్ల మీద పెడతాడు. ఇప్పుడు పొద్దునొకసారి, మాపునొకసారి మీరు పట్టుకుంటాంటే బాగుందే మల్లీ. ఇంగొక్క చుట్టు తిరగనీ."

కత్తెర తీసుకోకుండానే దుకాణానికి వెళ్లిపోయాను. ఆ పూట మిషన్ ముందు కూర్చుని ఒక్క కుట్టు కూడా వేయలేదు.

సాయంత్రం అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు రాయి కోసం ఆమె వక్కాకు తిత్తి విప్పాను. వక్కల మధ్యన రాయి ఉంది. దాన్ని తీసుకుని వీధిలోకి వచ్చి మురుక్కాలువ ముందు నిలబడ్డాను. ఇంకా ఆరు రోజులున్నాయి. రాయి లేకపోతే ఒక్క వేలైనా పలుకుతుందేమో. పావని పరీక్ష రాస్తుంది. కాలువలోకి జారవిడిస్తే చాలు, అడిగేవాళ్లు లేరు.

పారేయలేకపోయాను. ఈ రాయి నా బిడ్డ చదువుకంటే ఎక్కువా అని నన్ను నేను తిట్టుకుంటూనే లోపలికొచ్చి రాయిని వక్కల్లో పెట్టి తిత్తి ముడేశాను. ఆ తర్వాత కూర్చుని, ఎప్పటికంటే ఎక్కువసేపు అమ్మ చేతులకు నూనె రాశాను. పావనికి ఫోన్ చేసి డబ్బు సర్దుబాటు కాలేదని చెప్పాను. అది "సరేమా" అని పెట్టేసింది. ఏడ్చినా బాగుండేది.

ముప్పయ్యో రోజు ముగ్గురం ఫెబీ మేడం ముందు నిలబడ్డాం. అమ్మ దర్జాగా వేలు చాపింది. మిషన్ కుయ్‌మంది. పది వేళ్లకూ పదిసార్లు కుయ్‌మంది.

"ఇదేంది, ముందుకంటే నున్నగైనాయి!" అని ఫెబీ మేడం ఆశ్చర్యపోయింది. "నిజంగా నూనె రాసినారా?"

"రాసినాం మేడం," అన్నాడు అన్న. "ఏం తొందర్లే. ఇంగో నెల చూద్దాం."

"అవును, తొందరేముంది?" అన్నాడు చిన్నా.

నేను ఇద్దరి మొహాలూ చూశాను. గొర్రెపిల్లను అమ్మితే వంద రూపాయల కోసం అరగంట బేరమాడే మనిషి మా అన్న. ఆయన నోట తొందర్లేదన్న మాట నేనెప్పుడూ వినలేదు.

బయటికొచ్చి చిన్నా ఆటోలో కూర్చున్నాం. వెనక అమ్మకు ఆ పక్క అన్న, ఈ పక్క నేను. అన్న చొక్కా జేబులోంచి ఒక కవరు తీసి, అమ్మ మీదుగా చేయి చాపి నా ఒళ్లో పడేశాడు.

"డెబ్భై ఉన్యాయి. ఈ పొద్దే పోయి పావని ఫీజు కట్టు."

నేను కవరు వైపూ అన్న వైపూ చూశాను.

"పాప ఫోన్ చేసి 'మామా' అని ఏడ్సింది. ఏడు పొట్టేళ్లను సంతకు తోలి అమ్మేసినా. నాకు చెప్పొద్దా మల్లీ?"

"ఏడు నెలలు నాతో మాట్లాడినావా, చెప్పనీకి?" అన్నాను. కోపంగా అందామనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

"ఏం ఫీజు? ఎవరికి?" అని అమ్మ ఇటూ అటూ చూసింది. విషయం తెలియగానే నా వీపు మీద ఒక్కటి చరిచింది. "పిల్ల చదువు ఆగిపోతాంటే నాకెందుకు చెప్పలా? నోట్లో ఏం పెట్టుకున్నావే?" అంటూనే తిత్తి విప్పి, రాయి తీసి, రోడ్డు మీదికి విసరబోయింది.

"పారెయ్యొద్దు మా!" అని ముందు సీట్లోంచి చిన్నా అరిచాడు. అదే క్షణంలో అన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నా చేయి కూడా అప్పటికే అక్కడే ఉంది.

ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం.

"నీకూ తెలుసా అన్నా?"

"మూడో రోజే చూసినా. దొడ్డి వెనక కూర్చోని రుద్దుతాంది."

"నా ఆటో సీటు కింద దాచింది. ఇది రాయి, నా టూలు కాదని నాకు తెలవదా?" అన్నాడు చిన్నా.

అమ్మ మా ముగ్గురినీ చూసి, "మీరందరూ దొంగలే," అంది. ఆ మాట అంటూ ఆమె ఎంత సంతోషంగా ఉందో నేను చెప్పలేను.

కవరు గట్టిగా పట్టుకుని కళ్లు తుడుచుకున్నాను. ఊరికే తీసుకోవడం నాకు చేతకాదు.

"ఈ డబ్బు మల్లా ఎప్పుడియ్యాలన్నా?"

అన్న అమ్మ చేతిలోంచి రాయి తీసుకుని, వక్కల మధ్యలో పెట్టి, తిత్తి తాడు బిగించి ఆమె ఒళ్లో పెట్టాడు.

"అమ్మ ముద్ర పడినాక ఇయ్యి."

చిన్నా నవ్వుతూ ఆటోను దొనకొండ బస్సుల వైపు తిప్పాడు. మళ్లీ అన్న వంతు మొదలైంది కదా, సంచిలోంచి నూనె సీసా తీసి ఆయనకిచ్చాను.