గాలం కింద తియ్యటి సముద్రం

పొయ్యి మీద ఎసరు పెట్టి ప్రసన్నలక్ష్మి రోజూ చెరువుకి వెళ్లేది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చివరి మెట్టు మీద కూర్చుని, రెండు పాదాలూ నీళ్లలో పెట్టేది. ఇంట్లో అన్నం ఉడికేలోగా ఇక్కడ ఉప్పు చెరువు తియ్యనయ్యేది. "ప్రసన్న కూర్చుందండోయ్!" అని గట్టు మీంచి ఎవరో ఒకరు కేకేసేవారు. బిందెలు కదిలేవి.

ఆకివీడుకి అవతల, కొల్లేటి వార ఆ ఊరు. ఒకప్పుడు వరి పండిన చేలన్నీ ఇప్పుడు రొయ్యల చెరువులు. రొయ్యలకి ఉప్పు కావాలని బోర్లు వేసి, భూమి అడుగున పడుకున్న ఉప్పునీళ్లని లేపి పైకి తోడారు. ఆ ఉప్పు ఊరి మంచినీళ్ల చెరువులోకి దిగింది. నీరు ప్రజల ఆస్తి అని పంచాయతీ గోడ మీద నీలం రంగుతో రాసి ఉంటుంది. లాభం మాత్రం రొయ్యల గట్లు ఉన్నవాళ్లది, దాహం మిగతా అందరిదీ. ఆ రెంటికీ మధ్య ప్రసన్నలక్ష్మి పాదాలు.

ఊళ్లో ఎవరూ దాన్ని వింత అనుకోలేదు. "కొందరి చేతికి ఆవకాయ కుదురుతుంది. మా కోడలి కాలికి నీళ్లు కుదురుతాయి" అనేది అత్తగారు వెంకటనరసమ్మ, పక్కింటివాళ్లతో, కొంచెం గర్వంగానే. అయితే ఆ కోడలు ఒక పూట కూర్చోకపోతే చెరువు ఓర్చుకునేది గానీ, మర్నాటికి మళ్లీ ఉప్పు తిరగబడేది. అందుకని పెళ్లై వచ్చాక ప్రసన్నలక్ష్మి ఇంకో ఊళ్లో నిద్ర చేసి ఎరగదు. సొంత చెల్లెలి పెళ్లికి కూడా తాళి కట్టే వేళకి వెళ్లి, విస్తట్లో పెరుగు వడ్డించకముందే లేచి బస్సెక్కింది. మొగుడు దుర్గాసాయి చేపల లారీ మీద హౌరా దాకా పోయి వస్తుంటాడు. ఆవిడ లోకం మాత్రం బస్సు ఎంత దూరం తీసుకెళ్లి సాయంత్రానికి తిరిగి దింపగలదో అంత.

ఆ లోకంలో ఏలూరు కాలవ ఉంది. ఆదివారం ఆదివారం ఆవిడ అక్కడికి గాలం వెయ్యడానికి వెళ్లేది. కూలర్లు బాగుచేసే సైఫుల్లా గారు పెట్టిన క్లబ్బు అది. కాలవ గట్టు మీద తుమ్మచెట్ల నీడన ఎడంగా కూర్చుని, తవుడు ముద్దో వానపామో గాలానికి గుచ్చి, పలకకుండా ఉండటమే క్లబ్బు పని. మిగతావాళ్లు నీళ్ల మీద తేలే బెండు వంక చూస్తారు. ప్రసన్నలక్ష్మి బెండు కట్టదు. తడిపిన దారం చూపుడువేలి మీద వేసుకుని కళ్లు మూసుకుంటుంది. చేప ముట్టిందో, మూతితో తోసి చూస్తోందో, పక్కనించి పోతూ తోక తగిలించిందో వేలే చెబుతుంది. క్లబ్బులో ఆవిడకంటే ఎక్కువ పట్టినవాళ్లు లేరు.

మాఘమాసంలో ఒక ఆదివారం క్లబ్బులో కుర్రాడు ఫణికిరణ్ ఫోను స్పీకరులో పెట్టి గట్టు మీద పెట్టాడు. అతను తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగి. ఖరీదైన గాలంకర్ర, అంతకంటే ఖరీదైన టోపీ ఉన్నాయి. చేపలే ఇంకా అలవాటు పడలేదు.

"నరసాపురం నుంచి వరదానం అండి" అంది ఫోను. "పడవల మీద గాలం పోటీ పెడుతున్నామండి, సముద్రంలో. ఏటా ఆ మొహాలే వస్తున్నాయి. ఇన్ని కాలవలున్నాయి, ఇన్ని క్లబ్బులున్నాయి, మీరెవరూ గట్టు దిగరేంటండీ?"

"మాలో సగం మందికి ఈత రాదండి" అన్నాడు సైఫుల్లా.

"ఈదడానికి కాదండీ బాబూ, పట్టడానికి. పడవ నాది, జాకెట్లు నావి. క్లబ్బుకి ముగ్గురు. శని, ఆది. శుక్రవారం సాయంత్రానికి వచ్చెయ్యండి."

సైఫుల్లా ఫణికిరణ్ వంక చూశాడు. ఇద్దరూ ప్రసన్నలక్ష్మి వంక చూశారు. ఆవిడ వేలి మీది దారం వంక చూసుకుంది. రెండు రాత్రుళ్లు.

"నీకు కుదరదులే అమ్మా" అన్నాడు సైఫుల్లా మెల్లిగా. "ఇంకెవర్నైనా చూస్తాం."

"నేను కుదరదన్నానా బాబాయిగారూ?" అంది ఆవిడ. ఆ గొంతు ఆవిడకే కొత్తగా వినబడింది.

ఇంటికెళ్లి చెబితే అత్తగారు చేట పక్కన పెట్టి, "సముద్రంలో చేపలు పెద్దవిటే?" అని అడిగింది. అంతే. అసలు గొడవ బుల్లిరాజు గారితో వచ్చింది. ఊళ్లో సగం రొయ్యల చెరువులు ఆయనవే. నీళ్ల కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. దొంగే కాపలాదారు కావడం ఈ వ్యవస్థలో మామూలే.

"అమ్మాయ్, సరదాగా వెళ్తానంటున్నావంట. మంచిదే. మరి ఊరు ఏం తాగాలమ్మా?"

"రెండు రోజులే కదండీ."

"కాదనటం లేదు. నీ ఒక్కదాని సరదా కోసం ఇంతమందిని..." ఆయన చాలా మెత్తగా అన్నాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. అవసరం పడదు.

శుక్రవారం పొద్దున్న ప్రసన్నలక్ష్మి పాదాలు ముడతలు పడేదాకా చెరువులో కూర్చుంది. ఇంకొంచెం నిలవ ఉంటుందేమోనని. తరవాత కాళ్లు తుడుచుకుని బస్సెక్కింది.

శనివారం పొద్దున్న పడవ వశిష్ఠ గోదారి మొగ దాటి సముద్రంలోకి వచ్చాక లంగరు వేశారు. ఎవరెక్కడ కూర్చోవాలో చీటీలు తీశారు. ప్రసన్నలక్ష్మికి కుడివైపు అంచు వచ్చింది. పక్కన కాకినాడ నుంచి వచ్చిన చరణ్‌తేజ, రెండేళ్లుగా గెలుస్తున్నవాడు. కొలతలు చూడటానికి స్టెల్లా అనే అమ్మాయి ఉంది. ఫిషరీస్ కాలేజీలో చదువుతోంది. "పట్టిన ప్రతి చేపా నాకు చూపించాలండీ. కొలుస్తాను, రాసుకుంటాను, మళ్లీ నీళ్లలో వదిలేస్తాం. పొడుగుని బట్టి పాయింట్లు" అని చెప్పింది.

సైఫుల్లా సంచిలోంచి తవుడు ముద్ద తీసేసరికి పడవంతా నవ్వింది. వానపాముల డబ్బా తీశాక నవ్వడం మానేసి జాలిపడ్డారు. వంటా, లంగరూ చూసుకునే యోసేపు తలో గుప్పెడు రొయ్యలు పెట్టాడు. "వీటిని గుచ్చండి సార్. అవి మేకలకి పెట్టండి."

మొదటి చేప సైఫుల్లాకే పడింది. మూరెడు వంజరం, వెండిలా మెరుస్తోంది. పడవ చప్పట్లు కొట్టింది. ఆయన గాలం విప్పి, కళ్లకద్దుకుని, హాయిగా సముద్రంలో వదిలేశాడు.

"సార్! కొలవలేదు సార్!" అని స్టెల్లా కేకేసింది.

"మొదటిది నీళ్లకే వదిలెయ్యాలమ్మా. మా కాలవ మీద అంతే" అన్నాడు ఆయన. అని, చేసిన పని అప్పుడు తెలిసి, టోపీ తీసి ముఖం కప్పుకున్నాడు.

ఎడమవైపు కానగడత చేపలు వరసగా పడుతున్నాయి. కుడివైపు ఏమీ లేదు. ప్రసన్నలక్ష్మి వేలి మీద దారం చచ్చినట్టు పడి ఉంది. చేపలు లేని నీళ్ల సంగతి ఆవిడకి తెలుసు. ఇది అది కాదు. చేపలు దూరంగా వచ్చి, ఏదో చూసి, పక్కకి తిరిగి పోతున్నాయి.

బియ్యం కడగడానికి యోసేపు కుడివైపు నుంచి బకెట్టు ముంచాడు. అలవాటుగా వేలు నాలికకి రాసుకుని, మళ్లీ ముంచి, మళ్లీ రాసుకున్నాడు. "ఏవండీ, ఈ పక్క మంచినీళ్లున్నాయండి" అని, దాంతోనే టీ పెట్టేశాడు. టీ బాగుంది.

అప్పుడు ప్రసన్నలక్ష్మికి అర్థమైంది. ఆ గుణం పాదాలకే ఉందనుకున్నారు ఇన్నాళ్లూ. తడి వేలి మీంచి దారం వెంట దిగి, గాలం చుట్టూ సముద్రం తియ్యనవుతోంది. కాలవ నీళ్లు ఎలాగూ తియ్యనివే కాబట్టి ఇన్నేళ్లలో క్లబ్బులో ఒక్కరు కూడా కనిపెట్టలేదు.

"ఇది అన్యాయం కదండీ" అన్నాడు చరణ్‌తేజ, టీ తాగుతూనే. "నా చేపలన్నీ బెదిరిపోతున్నాయి."

స్టెల్లా నీళ్లు రుచి చూసి ఆలోచించింది. "నీళ్లు ఉప్పగానే ఉండాలని రూల్సులో ఎక్కడా లేదండీ. కావాలంటే రేపు మళ్లీ చీటీలు తీద్దాం."

మర్నాటి చీటీల మాట ఎలా ఉన్నా, ఆ రోజు ప్రసన్నలక్ష్మికి సున్నా. ఒడ్డుకొచ్చాక ఫణికిరణ్ చెప్పుల వంక చూస్తూ, "అక్కా, రేపు మీరు కొంచెం రెస్టు తీసుకుంటే..." అన్నాడు. సైఫుల్లా అతని టోపీ లాగి కళ్ల మీదికి దించాడు.

సరిగ్గా అప్పుడే బుల్లిరాజు గారి ఫోను. "అమ్మాయ్, చెరువు ఉప్పెక్కిందమ్మా. పిల్లలు తాగలేక వాంతులు చేసుకుంటున్నారు. కారు పంపిస్తున్నాను, బయల్దేరు. అక్కడ చేపలు కూడా పడటం లేదంటగా, ఇంకెందుకు?"

ఆవిడ సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. పిల్లలు అన్నాక ఇంకేం మిగులుతుంది? ఇంత పెద్ద సముద్రం తనని అక్కర్లేదంది. అంత చిన్న చెరువేమో రమ్మంటోంది. మళ్లీ ఫోను మోగింది. ఈసారి అత్తగారు. వెనక ఆడవాళ్ల గొంతులు, బిందెల చప్పుడు.

"వచ్చేస్తున్నాను అత్తయ్యా."

"ఎందుకే?"

"పిల్లలు వాంతులు..."

"ఎవరి పిల్లలు? నా ఎదురుగానే గంతులేస్తున్నారు. మేం బుల్లిరాజు గారి రొయ్యల షెడ్డు ముందు కూర్చున్నాం. రొయ్యపిల్లలకి ఉప్పు ఎక్కువైతే పడదని ఫిల్టరు మంచినీళ్లు పోస్తున్నాడే లోపల! మెషీను ఉంది, పైపు ఉంది. పైపు వీధిలోకి తిప్పమన్నాం. తిప్పేదాకా లేవం."

"ఆయన ఊరుకుంటాడా?"

"పక్కింటి ఫాతిమా వాళ్లు కూడా వచ్చారు. ఇంతమంది కూర్చుంటే ఆయన కారు బయటికెలా వస్తుంది, నిన్ను తేవడానికి?" వెంకటనరసమ్మ ఊపిరి తీసుకుంది. "ఇన్నేళ్లూ నీ కాళ్లు నానబెట్టి మేం హాయిగా తాగాం. అడగాల్సినవాణ్ణి అడగలేదు. అది మా తప్పు, నీది కాదు. నువ్వు రేపు పట్టకుండా వచ్చావో, గుమ్మం ఎక్కనివ్వను."

ప్రసన్నలక్ష్మి సంచిలోంచి చీర మళ్లీ బయటికి తీసింది. హక్కు అడిగి తీసుకునేది కాదు, గుంజుకునేది అని సభల్లో చెబుతారు. షెడ్డు ముందు కూర్చున్నవాళ్లు ఏ సభకీ వెళ్లలేదు.

ఆదివారం చీటీల్లో ఆవిడకి పడవ ముక్కు దగ్గర, విడిగా చోటు వచ్చింది. చరణ్‌తేజ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఫణికిరణ్ సిగ్గుపడుతూ రబ్బరు గ్లవుజులు తెచ్చిచ్చాడు. అవి తొడుక్కుంటే సముద్రం ఉప్పగానే ఉంది. చేపలు వచ్చాయి కూడా. కానీ రబ్బరులోంచి వేలికేమీ వినబడలేదు. ఎరలు తినేసి పోతున్నాయి. మధ్యాహ్నం దాకా మళ్లీ సున్నా.

ఆవిడ గ్లవుజులు విప్పి పక్కన పెట్టింది. వేలు తడుపుకుని దారం వేసుకుంది. "ఉన్నదాంతోనే పడతానండీ" అంది, ప్రత్యేకించి ఎవరితోనూ కాదు. కళ్లు మూసుకుంది. మెల్లిగా దారం వెంట తీపి దిగింది. చుట్టుపక్కల చేపలు తప్పుకుపోయాయి. చాలాసేపు ఏమీ లేదు. యోసేపు వచ్చి ఒక చెంబు ముంచుకుని వెళ్లాడు.

పండుగప్ప అనే చేప ఉప్పునీళ్లలో పుట్టి, మంచినీళ్ల జాడ వెతుక్కుంటూ ఏటికి ఎదురెక్కుతుంది. ఆ వేసవి ముందు గోదారికి ప్రవాహం లేదు. మొగ బయట పండుగప్పలు ఏరు ఎప్పుడొస్తుందా అని తిరుగుతున్నాయి. ఆ తీపి వాటికి చేరింది.

మొదట వేలికి ఒక ఊపిరి తగిలినట్టయింది. తరవాత మూతి. ఆవిడ కదల్లేదు. చేప ఎరని నోట్లో పెట్టుకుని, నమ్మకం కుదరక, వదిలేసి, మళ్లీ అందుకుంది. అప్పుడు ఆవిడ గాలం లాగింది. దారం అరచెయ్యి కోసుకుంటూ పోయింది. సైఫుల్లా వచ్చి ఆవిడ నడుం పట్టుకున్నాడు, ఆయన నడుం ఫణికిరణ్ పట్టుకున్నాడు. పడవలో అందరూ వాళ్ల గాలాలు వదిలేసి అరుస్తున్నారు. చరణ్‌తేజే వంగి వల గరిటె వేసి పైకెత్తాడు.

స్టెల్లా కొలత బద్ద చాలక రెండుసార్లు పెట్టి కొలిచింది.

"మొదటిది ఇదేగా?" అన్నాడు సైఫుల్లా భయంగా. "కొలిచాక కూడా వదలొచ్చు కదమ్మా?"

వదిలారు. దాని వెనక ఇంకొకటి వచ్చింది. పొద్దు వాలేదాకా వస్తూనే ఉన్నాయి. ప్రసన్నలక్ష్మి చెయ్యి గుడ్డ చుట్టుకుని పడుతూనే ఉంది.

ఏలూరు క్లబ్బుకి మొత్తం మీద మూడో స్థానం వచ్చింది. మొదటి రోజు సున్నా, సైఫుల్లా గారి వంజరం ముంచాయి. పెద్ద చేప బహుమతి మాత్రం ఆవిడదే. ఊళ్లో పైపు వీధిలోకి తిరిగిందని దుర్గాసాయి దారిలోంచి ఫోను చేసి చెప్పాడు. "అమ్మ ఇప్పుడే షెడ్డు దగ్గర్నించి లేచిందంట. నడుం పట్టేసిందంట. నువ్వెంత చేప పట్టావో అడగమంది."

జెట్టీ మీద వరదానం ఆవిడ దగ్గరికొచ్చాడు. వచ్చే నెల విశాఖపట్నంలో పెద్ద పోటీ. పడవ నాలుగు రోజులు సముద్రం మీదే ఉంటుంది. తన పడవ జట్టులో ఒక చోటు ఉంది.

సైఫుల్లా, ఫణికిరణ్ ఆవిడ వంక చూశారు. ప్రసన్నలక్ష్మి ఫోను వంక చూడలేదు.

"వస్తానండి" అంది.

"చాలా సంతోషమండి!" అన్నాడు వరదానం. వెనక్కి తిరిగి, "ఒరే యోసేపూ, ఈసారి మంచినీళ్ల డ్రమ్ములు ఎక్కించక్కర్లేదురా. ఈవిడ ఉన్నారుగా!" అని నవ్వాడు.

ప్రసన్నలక్ష్మి కూడా నవ్వింది. గుడ్డ చుట్టిన చెయ్యి కొంగులో దాచుకోకుండా అలాగే ముందుకి పెట్టుకుని నిలబడింది.

"ఎక్కించండి, వరదానం గారూ" అంది. "నేను చేపలు పట్టడానికి వస్తున్నాను."

యోసేపు ఆవిడ వంకా, యజమాని వంకా చూశాడు. తరవాత వంగి, జెట్టీ చివరనున్న ఖాళీ డ్రమ్ముని కుళాయి వైపు దొర్లించుకుంటూ వెళ్లాడు.