నేస్తం పేరు

ఆ కొండల్లో నేస్తం కట్టడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఫోన్లో వేలు నొక్కి స్నేహితులైపోయినంత సులువుగా అయ్యేదీ కాదు. చైత్రం పండగనాడు ఊరి దేవత రాళ్ల ముందు, రెండు ఇళ్లవాళ్లూ నిలబడి చూస్తుండగా, ఇద్దరు పిల్లలు కొత్త తువ్వాళ్లు మార్చుకుంటారు. ఒకే ఆకులో అన్నం ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటారు. ఆ రోజుతో ఒకరికొకరు పేర్లు పోతాయి. వీడికి వాడు నేస్తం, వాడికి వీడు నేస్తం. కోపంలో తిట్టుకున్నా నేస్తమే, కొండకీ కొండకీ మధ్య కేకేసి పిలుచుకున్నా నేస్తమే. ఖర్మకాలి నోరు జారి పేరు పెట్టి పిలిస్తే కోడిపుంజును పట్టుకుని నేస్తం గుమ్మంలోకి వెళ్లాలి. రెండు ఇళ్లూ కలిసి వండుకుని తింటే తప్పు కడిగేసినట్టే.

ఆశ్రమ పాఠశాలలో చదువుకునే రోజుల్లోనే రవిబాబూ, అవతలి ఊరి గాసీ అలా నేస్తం కట్టారు. అప్పటినుంచీ రవిబాబు నోట ఆ పేరు రాలేదు. "నీ నేస్తం పేరేటిరా?" అని పిల్లలు ఎంత ఏడిపించినా, నాలిక మడతపెట్టి కూర్చునేవాడు తప్ప పలికేవాడు కాదు. గాసి తల్లి పేరు కనక, ఆవిడ అతనికీ అమ్మే అయింది. అంబలి కుండలో అతని వాటా కూడా వేరే చెప్పక్కర్లేకుండా ఉండేది.

పెద్దయ్యాక ఇద్దరూ ఒకే చోట పనికి కుదిరారు. అరకు రైల్వేస్టేషన్ వెనకాల, రేకుల షెడ్డులో, పార్సిళ్లు పంచే కంపెనీ ఒకటుంది. ఇద్దరికీ చెరో బండి, చెరో సంచీ, చెరో ఫోనూ ఇచ్చారు. రవిబాబు డిగ్రీలో కంప్యూటర్లు చదివాడని తెలిసి కొన్నాళ్లకి అతన్ని బండి దింపి షెడ్డులో ఓ మూల కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. గాసి మాత్రం పై రూటులోనే ఉండిపోయాడు. పై రూటంటే తారు రోడ్డు అయిపోయాక కూడా మిగిలి ఉండే ఊళ్లు.

రవిబాబు పని లెక్కలు చూడటం. డెలివరీ కుర్రాళ్ల జేబుల్లో ఉన్న ఫోన్లు వాళ్లెక్కడ తిరిగారో, ఎక్కడ ఆగారో, ఏ పార్సిల్ చేరిందో, ఏది వెనక్కొచ్చిందో కంప్యూటర్ పటం మీదికి చుక్కలుగా పంపిస్తూనే ఉంటాయి. ఆ చుక్కలన్నిటినీ పోగేసి, ఆలస్యం ఎక్కడ జరుగుతోందో, దాన్ని ఎలా తగ్గించాలో చెప్పాలి. ఉన్నమాటే చెప్పుకోవాలి, ఆ పని అతనికి బాగా పట్టుబడింది. పటం మీద చుక్కలు కదులుతుంటే తిండి కూడా మర్చిపోయేవాడు.

ఓసారి ఆ చుక్కల్లోనే అతనికి ఓ విచిత్రం కనిపించింది. పై రూటులో శుక్రవారంనాడు పంపిన పార్సిళ్లు దాదాపు అన్నీ వెనక్కి వచ్చేస్తున్నాయి. కారణం కోసం అరగంట బుర్ర గోక్కుని, ఆఖరికి తనలో తనే పగలబడి నవ్వుకున్నాడు. శుక్రవారం అరకు సంత! కొండమీద ఊళ్లన్నీ తాళం వేసుకుని సంతకే దిగుతాయి. పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతిని కంప్యూటర్ చెబితేగానీ గుర్తించలేకపోయాడు.

"అయితే మనమే సంతలో బల్లేసుకుని కూకుందాం నేస్తం," అన్నాడు గాసి టీ తాగుతూ. "ఆళ్ల ఇంటికి మనం ఎళ్లడం దేనికి, ఆళ్లే మన కాడికి ఒత్తారు గదా."

అలాగే చేశారు. శుక్రవారం ఉదయం పసుపు కొమ్ముల కుప్పలకీ, ఎండు చేపల బుట్టలకీ మధ్యన ఓ బల్ల వేశారు. జనం అల్లం అమ్ముకుని, నూనె కొనుక్కుని, పార్సిల్ తీసుకుని వెళ్లేవాళ్లు. వెనక్కొచ్చే పార్సిళ్లు ఒక్కసారిగా తగ్గిపోయాయి. కంప్యూటర్లో డెలివరీల లెక్క చూపించే గీత పైకి లేచింది. విశాఖపట్నం ఆఫీసులో ఆ గీతను గోడమీద వేసి చూపించారట. ఏరియా మేనేజరు దుర్గాప్రసాద్ స్వయంగా ఫోన్ చేసి, "శభాష్ రవీ, కొండల్లో డెలివరీ అంటే నీ దగ్గరే నేర్చుకోవాలి," అన్నాడు. ఆ రోజు రవిబాబు కాళ్లు నేలమీద లేవు.

గీతతోపాటు ఇంకో పట్టిక కూడా ప్రతివారం వెళ్లేది. గంటకి ఎవరెన్ని పార్సిళ్లు ఇచ్చారు, ఎంతసేపు ఊరికే ఆగారు అన్న లెక్క అది. అందులో గాసి ఎప్పుడూ అడుగునే ఉండేవాడు. ఉండక చస్తాడా? కింద రూట్ల కుర్రాళ్లు గుమ్మం ముందు బండి ఆపి హారన్ కొడతారు. గాసి కొండ కింద బండి వదిలేసి సంచీ వీపున వేసుకుని ఎక్కాలి. ఓటీపీ రావాలంటే ఊళ్లో సిగ్నల్ ఉండదు. పార్సిల్ తీసుకునే మనిషిని వెంటబెట్టుకుని ఊరి పైనున్న బండరాయి దాకా నడవాలి. పటం మీద మాత్రం అదంతా ఓ చుక్క కదలకుండా నిలబడి ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇదంతా రవిబాబుకి తెలియనిది కాదు. ఆ కొండ తనూ ఎక్కినవాడే. గాసి కూడా ఒకసారి అడిగాడు.

"ఆ లెక్కలో కొండెక్కడం కూడా ఏత్తావా నేస్తం?"

"ఏత్తాను నేస్తం. ఈ వారమే ఏత్తాను."

మనస్ఫూర్తిగానే అన్నాడు. పట్టికలో ఇంకో గడి చేర్చి, నడక దారులన్నీ గుర్తుపెడితే సరిపోతుంది. కానీ అలా చేస్తే పాత నెలల లెక్కలన్నీ మళ్లీ తిరగరాయాలి. గోడమీద వేసి చూపిస్తున్న ఆ చక్కటి గీత ఎక్కడ వంకరపోతుందోనన్న బెంగ ఒకటి. ఈ వారం కాకపోతే పై వారం అనుకున్నాడు. పై వారం వచ్చాక ఇంకో పని తగిలింది. గాసి మీద అతనికి పిసరంత చెడు ఉద్దేశం కూడా లేదు. అదే ఇందులో బాధ. ఉంటే కనీసం తిట్టుకోవడానికైనా వీలుండేది.

కాఫీ పళ్లు ఎర్రబడే రోజుల్లో దుర్గాప్రసాద్ అరకు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, వస్తూ అందరికీ వేడివేడి గారెలు కూడా కట్టించుకొచ్చాడు. పార్సిళ్లు దింపడం అయ్యాక కుర్రాళ్లంతా మూటల మీద కూర్చున్నారు. గాసి తలుపు పక్కన హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దుర్గాప్రసాద్ రవిబాబు భుజం మీద చెయ్యి వేసి పొగిడాడు. వైజాగ్ ఆఫీసులోకి తీసుకునే ఆలోచన కూడా ఉందన్నాడు. ఆ చెయ్యి భుజం మీద ఉండగానే అసలు సంగతి చెప్పాడు.

"సంత బల్ల బాగా నడుస్తోంది కదా, ఇకమీదట ఒక మనిషిని తగ్గించమన్నారు. ఎవర్ని తగ్గించాలో మనం ఇష్టం వచ్చినట్టు చెయ్యం. లెక్క ఏం చెబితే అదే." షెడ్డు గోడకి అంటించిన ఆ వారం పట్టిక వైపు చూశాడు. అందులో పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. "ఈ అడుగున ఉన్నది ఎవరు?"

"ఏడో నంబరు సార్," అన్నాడు రవిబాబు.

"నంబరు నాకెందుకయ్యా! మనిషెవరు?"

'సార్, అది కొండ రూటు, కింద రూట్లతో పోల్చకూడదు' అన్న మాట రవిబాబు నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే, 'మరి ఇన్నాళ్లూ ఎందుకు పోల్చావు?' అని అడుగుతాడు. పోనీ 'మా నేస్తం' అన్నా సరిపోయేది. భుజం మీద చెయ్యి అలాగే ఉంది.

"గాసి సార్."

షెడ్డులో కొండ కుర్రాళ్లందరి తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఏం జరిగిందో దుర్గాప్రసాద్‌కి తెలియలేదు, తెలిసే అవకాశమూ లేదు. గాసి రవిబాబు వైపు చూడలేదు. హెల్మెట్ మీది దుమ్ము అరచేత్తో తుడిచి లేచి నిలబడ్డాడు.

"ఆఁ, నానే సార్," అన్నాడు.

నెల తిరిగేసరికి గాసి బండీ, సంచీ అప్పగించి వెళ్లిపోయాడు. ఆ వారమే రవిబాబు కూర్చుని, ఇన్నాళ్లూ వాయిదా వేసిన గడి చేర్చాడు. ఒక్క మధ్యాహ్నంలో పని అయిపోయింది. ఇంతోటి పనికా ఇన్ని వారాలు తాత్సారం చేశానని తల పట్టుకున్నాడు. కొండ ఎక్కడం, సిగ్నల్ కోసం నడవడం లెక్కలోకి వచ్చాక పట్టిక తలకిందులైంది. అడుగున ఉన్న ఏడో నంబరు అందరికన్నా పైన నిలబడింది. దాన్ని వైజాగ్ పంపించాడు. 'చాలా బాగుంది. వచ్చే ఏడాది ప్లానులో చూద్దాం' అని జవాబొచ్చింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. శుక్రవారం సంతలో ఎర్రటి కోడిపుంజును ఏరి కొన్నాడు. ఆదివారం దాన్ని సంచీలో పెట్టుకుని బండి మీద బయల్దేరాడు. గాసి బండి ఆపుకునే చోటే తన బండి ఆపి, పుంజును చంకలో పెట్టుకుని ఎక్కాడు. వలిసె పూలు చేలనిండా పచ్చగా ఉన్నాయి. అలవాటు తప్పిన కాళ్లకి కొండ బరువుగా తగిలింది. దారిలో కట్టెలమోపుతో దిగుతున్న ఆ ఊరి ముసలమ్మ రత్నాలు కోడిని చూసి, "నేస్తం ఇంటికేటి నాయినా?" అంది. ఆఁ అన్నాడు. ఆ అనడంలోనే కాస్త ధైర్యం వచ్చినట్టనిపించింది. కోడి తింటే తప్పు పోతుంది. తరతరాలుగా పోతూనే ఉంది.

కనక వాకిట్లో కాఫీ పళ్లు ఆరబోస్తోంది. చంకలో పుంజును చూడగానే ఆవిడకి అంతా అర్థమైంది. ముఖం విప్పారింది.

"ఒచ్చీసావా నాయినా! ఇన్నాళ్లకా రావడం? కూకో, కూకో. నాను పొయ్యి ముట్టిత్తాను," అంటూ గబగబా లోపలికెళ్లి పెద్ద కుండ తెచ్చింది.

అంతలో గాసి తోటలోంచి బుట్టతో వచ్చాడు. రవిబాబుని చూశాడు, కోడిని చూశాడు. బుట్ట దింపి, మంచం మీది గోనెపట్టా దులిపాడు.

"రండి రవిబాబు గారూ. కూకోండి," అన్నాడు.

కనక చేతిలోని కుండ ఎక్కడిదక్కడే ఆగిపోయింది. రవిబాబు పుంజును ముందుకు చాపాడు.

"నేస్తం... తప్పయిపోయింది. కోడి తెచ్చాను."

"కోడెందుకండీ?"

"కొండ లెక్క ఏసి సూసాను నేస్తం. అందరికన్నా నువ్వే పైనున్నావు."

గాసి బుట్టలోంచి ఆకులు ఏరి పారేశాడు. గొంతులో కోపం ఉంటే బాగుండునని రవిబాబు ఎదురుచూశాడు. కోపం ఉన్నచోట కోడికి పని ఉంటుంది.

"ఆ మాట ఆయేళ అనుంటే బాగుండును," అన్నాడు గాసి నెమ్మదిగా. "పోన్లెండి. పేరు పెట్టి పిలిత్తే తప్పన్నది నేస్తాలకి. మీరు ఆఫీసోరు, నాను పనోణ్ణి. పనోణ్ణి పేరెట్టి పిలిత్తే తప్పేటుంది? తప్పు లేంది కోడెలా కోత్తాను?"

చెంబుతో అంబలి తెచ్చి ఇచ్చాడు. రవిబాబు తాగాడు. ఎప్పటి రుచే ఉంది. కోడిని వదిలి వెళ్దామా అనుకుని, ఏ మొహం పెట్టుకుని వదలాలో తెలియక మళ్లీ చంకలో పెట్టుకున్నాడు. కనక ఉండమని అనలేదు. కుండను బోర్లించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దిగి దిగి బండి దగ్గరికి చేరాక, పైనుంచి కేక వినిపించింది. అది గాసి గొంతే. కొండ అంచున నిలబడి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని పిలుస్తున్నాడు. చిన్నప్పుడు గొడ్లు తోలుకెళ్లినప్పుడు కూడా అక్కడినుంచే పిలిచేవాడు. రవిబాబు ప్రాణమంతా చెవుల్లోకి తెచ్చుకున్నాడు.

"రవిబాబు గారూ! మలుపుకాడ మట్టి జారతంది, నెమ్మదిగా ఎల్లండీ!"

ఎదుటి కొండ ఆ పేరును మళ్లీ ఒకసారి పలికింది. రవిబాబు కోడిని పట్టుకుని అక్కడే చాలాసేపు నిలబడిపోయాడు. జేబులో ఫోన్ కదలని ఆ చుక్కను పంపిస్తూనే ఉంది.