పట్టీ కింద అంకె

"మళ్ళీ సెప్తన్నాను సూడామణీ, దీని మీద మాత్రం సెయ్యి పెట్టకు" అన్నాడు త్యాగరాజు, కెమెరా ముందువైపు రెండో పట్టీ కూడా అంటించి బొటనవేలితో గట్టిగా అదుముతూ.

ఫొటోలు కడిగే పళ్ళేలు తోముతున్న చూడామణి తల ఎత్తకుండానే "అలాగే" అంది. ఆ పట్టీ కాంపౌండరుని అడిగి తెచ్చిన తెల్ల ప్లాస్టరు, పుండ్ల మీద వేసేది. లెన్సు పక్కన రెండు చిన్న మీటలుంటాయి. లోపలికి వెలుతురు ఎంత రావాలో ఒకటి చెబుతుంది, ఎంతసేపు రావాలో రెండోది. రెంటినీ ఎండకి సరిపడే అంకెల మీద పెట్టి కదలకుండా కట్టేశాడన్నమాట. నిజానికి అది మంచి పనే. మెడలో కెమెరా వేలాడుతుంటే నడకలో పొట్టకి రాసుకుంటుంది, పైటచెంగు తగులుతుంది, మీట కాస్త జరిగిపోతుంది. ఆ సంగతి ఫిల్ము కడిగాక గానీ బయటపడదు. అప్పటికి పెళ్ళికూతురు కాపురానికి కూడా వెళ్ళిపోయి ఉంటుంది! అంతా బాగానే ఉంది గానీ, కెమెరా ఆయన మెడలో ఉన్నన్నాళ్ళూ ఈ వైద్యం అవసరం రాలేదు. చూడామణి మెడలోకి వచ్చేసరికే దానికి పుండు లేచింది.

ఆమె మెడలోకి రావడమైనా ఎవరో ముచ్చటపడి వేసింది కాదు. రాజాం చుట్టుపక్కల భూములున్న దొరలు, బుగతల లోగిళ్ళలో ఆడవాళ్ళకి ఘోషా. పరాయి మగవాడు లోపలి గడప దాటడానికి వీల్లేదు. అందుకని త్యాగరాజు వీధి చావడిలో తాంబూలం నములుతూ కూర్చుంటాడు, చూడామణి లోపలికి వెళ్ళి నొక్కి వస్తుంది. "నొక్కడానికేటి, కోతైనా నొక్కుతాది" అని నవ్వుతాడు. చెడ్డవాడు కాదు సుమండీ. ఆమెకి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తాడు, సంతలో మొగలిపువ్వు కనిపిస్తే తేకుండా రాడు. కాకపోతే, ఏది చెడినా ఆమె చెయ్యి తగిలిందనే మాట ఆ ఇంట్లో అందరి నాలుక మీదా ఉంటుంది, ఆయన నాలుక మీదా ఉంది, అంతే.

పెరుగు తోడుకోకపోతే అత్తగారు జగదీశ్వరమ్మ "నీ సెయ్యి తగిలుంటాది" అనేది. ఊరగాయకి బూజు పట్టినా అదే మాట, దేవుడి దీపం కొండెక్కినా అదే మాట. కిందటి నెల చీపురుపల్లిలో ఒక పెళ్ళికూతురి బొమ్మలన్నీ తెల్లగా పేలిపోతే త్యాగరాజు కూడా "మీటకి నీ సెయ్యి తగిలింది" అన్నాడు. తగిలిందేమో! చూడామణి ఎంత గుర్తుచేసుకున్నా తేలలేదు. ఆ రోజు జనంలో ఒత్తుకుంటూ వెళ్ళింది, కొంగు బిగించుకుంది, ఎప్పుడైనా తగిలి ఉండొచ్చు. అంకె ఆయనే తప్పు పెట్టి ఉండొచ్చు కూడా. మీట నోరు విప్పి చెప్పదు కదా, అందుకని తప్పు వచ్చి మామూలుగా వచ్చే చోటే కూర్చుంది. అంత పాపిష్టి చెయ్యి అయితే మరి నూతిలో బిందెలకి బిందెలు నీళ్ళు తోడి ఫొటోలు కడిగే చెయ్యి ఎవరిది? మందు కలిపీ కలిపీ గోళ్ళు గోధుమరంగుకి తిరిగితే "ఆ సేతుల్తో వంటేటి" అని అత్తగారు మొహం తిప్పుకునే చేతులు ఎవరివి? పెళ్ళికొడుకుల మశూచి మచ్చల్ని ఫిల్ము మీద సన్నపెన్సిలుతో పూడ్చిందెవరు? ఇన్నేళ్ళుగా ఆయన తీసిన ప్రతి బొమ్మా నీళ్ళలో తేలుతుండగా మొట్టమొదట చూసింది ఆమే. ఏ వెలుతురికి ఏ అంకె పెడితే ముఖం ముఖంలా వస్తుందో అలా చూసీ చూసీ ఒంటబట్టింది. ఆ మాట ఆమెని ఎవరూ అడగలేదు, ఆమే ఎవరికీ చెప్పలేదు.

ఆ ఉదయం వెళ్ళింది నరసింగరావు బుగత గారింటికి. ఆయన తల్లి జగ్గమ్మ గారిని ఫొటో తియ్యాలి. ఆవిడ కూతురు పర్లాకిమిడి దగ్గర మంచం పట్టి, అమ్మని ఒక్కసారి చూడాలని కబురంపింది. ఆవిడ మోకాళ్ళు కదలవు, కూతురు లేవలేదు. పోనీ బొమ్మయినా పంపుదామనుకున్నారు. మర్నాడే మనిషి బయల్దేరతాడు. కెమెరాలో ఉన్న పన్నెండు బొమ్మల ఫిల్ములో మిగిలినవి రెండే రెండు. కొత్త ఫిల్ము దొరకడమే గగనమైన రోజులు, విశాఖపట్నం నించి ఇంకా రాలేదు.

మండువాలో ఎండలో కూర్చోబెట్టి తీస్తారని నరసింగరావు చెప్పబట్టే త్యాగరాజు ఎండ అంకెలు పెట్టాడు. తీరా వెళ్ళేసరికి మండువా నిండా ధాన్యం రాశులు, కొలుస్తున్న మగాళ్ళు. జగ్గమ్మ గారు గది దాటి వచ్చే ప్రసక్తే లేదు. ఆ గదికి ఉన్నది ఒకే ఒక్క కిటికీ, దానికీ సగం తడిక. పైనుంచి కెమెరా అద్దంలోకి తొంగిచూసిన చూడామణికి మసకలో ముక్కుపుడక మాత్రం మెరిసింది. పట్టీ కింద ఉన్న అంకెతో తీస్తే ఆ ముక్కుపుడక కూడా రాదు.

వెంటనే చావడి తలుపు దాకా వెళ్ళి, చాటునుంచే పిలిచింది. "ఏవండీ, లోపల బాగా సీకటిగా ఉన్నాది. మీటలు కదపాలండీ."

"కిటికీ లేదేటి?" అన్నాడు త్యాగరాజు.

"ఉన్నాది గానీ సాలదండీ."

"నే పెట్టిన లెక్క అది. పట్టీ మీద సెయ్యెయ్యకు, ఎళ్ళి నొక్కు." ఆ తరవాత నరసింగరావు వైపు తిరిగి, నవ్వుతూ, "కిందటిమాటు ఇలాగే కెలికి పెళ్ళి బొమ్మలన్నీ పాడుసేసింది బాబూ" అన్నాడు. బుగత గారు కూడా నవ్వారు.

చూడామణి చెవులు వేడెక్కిపోయాయి. వెనక్కి తిరిగింది. నడుస్తూ నడుస్తూ మధ్యగదిలో ఠక్కున ఆగిపోయింది. అవునూ, ఇప్పుడు మీటలు కట్టేసి ఉన్నాయి కదా! ఆయన చేత్తో ఆయనే కట్టాడు. ఆ పట్టీ ఇలాగే ఉంచి, రెండు బొమ్మలూ ఆయన చెప్పినట్టే నొక్కేసి తీసుకెళ్ళి ఇస్తే? రెండూ ఖాళీగా వస్తాయి. తగిలిందనడానికి ఈసారి చెయ్యి లేదు. పెరుగూ, ఊరగాయా, చీపురుపల్లీ అన్నీ ఒక్కసారిగా తన నెత్తి మీంచి దిగిపోతాయి. ఒక్క మాట మాట్లాడక్కర్లేదు, ఊరికే చెప్పినట్టు వింటే చాలు. అమ్మయ్య, ఎంత హాయి! ఆ హాయిలోనే గది గుమ్మం దాకా వచ్చేసింది.

లోపల జగ్గమ్మ గారు పెట్టెలోంచి పట్టుచీర తీయించి కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వించుకుని, పెళ్ళిచూపుల పిల్లలా బిగుసుకుని కూర్చుంది.

"ఓలమ్మ, వచ్చీసేవా! నవ్వితే పన్ను లేదని తెలిసిపోతాదేటమ్మా?"

"తెలుస్తాదండీ."

"తెలిస్తే తెలవనీ. మా అమ్మి సూసినప్పటికి అన్ని పళ్ళూ ఉండేవి. నానెంత ముసిలైపోనానో అదీ సూడాలి గదా." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నానెళ్ళలేను, అది రాలేదు. నా మొకమైనా బండెక్కి ఎళ్తాది. ఈ బొమ్మ ఎవులు తీసేరని అది అడుగుతాది సూడు, అన్నీ అడుగుతాది. ఏటి సెప్పమంటావు? నీ పేరేటమ్మా?"

"సూడామణండీ" అంది. తన పేరు తన నోటితో చెప్పుకుని ఎన్నాళ్ళయిందో! ఎవరూ అడగరు, అవసరమూ రాదు. ఈవిడ ముఖాన్ని చీకట్లో పారేసి తను నిర్దోషినని రుజువు చేసుకోవడమా? ఛ! అనుకుంది. అలాగని రెండు బొమ్మలూ సరిగ్గా తీసి పట్టుకెళ్తే, "సూసావా నా లెక్క" అని ఆయన మీసం దువ్వుతాడు, తన చెయ్యి పాత చెయ్యిలాగే మిగిలిపోతుంది. అదీ మింగుడుపడలేదు.

ఉన్నవి రెండు. ఒకటి ఈవిడకి, ఒకటి నాకు, అనుకుంది. అనుకున్నందుకు భయమూ వేసింది. తనకోసం ఒకటి వాడేసుకుంటే జగ్గమ్మ గారికి మిగిలేది ఒక్కటే, ఆవిడ ఆ క్షణాన తల కదిపితే ఇంక అంతే సంగతులు. అయినా సరే, ఒకటి తనకి కావాలి. ఆ ఇంటికి కోడలుగా వచ్చాక ఏదైనా కావాలని అంత గట్టిగా అనుకోవడం అదే మొదలు.

పట్టీ ఉండగానే మొదటిది నొక్కింది. ఫిల్ము తిప్పింది. అప్పుడు గోరు పెట్టి రెండు పట్టీలూ నెమ్మదిగా ఊడదీసి జాకెట్టు చేతికి అంటించుకుంది. ఒక మీటని బార్లా తెరిచింది, రెండోదాన్ని పది మీదికి, అంటే సెకనులో పదోవంతుకి జరిపింది. అంతసేపు చేత్తో పట్టుకుంటే కెమెరా వణుకుతుంది. అందుకని బియ్యం డబ్బా జరిపి దాని మీద కెమెరా పెట్టి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. జరిపిన మీటలు మళ్ళీ జారిపోకుండా అవే పట్టీలు తెచ్చి, ఈసారి తన అంకెల మీద అంటించింది. పట్టీ వెయ్యడం మంచి పనే అని చెప్పాను కదా.

"అమ్మగారూ, మీ అమ్మి ఆ గుమ్మంలోంచి వస్తన్నాదనుకోండి. దానికేసే సూడండి, ఊపిరి తియ్యకండి."

జగ్గమ్మ గారు గుమ్మం వైపు చూసింది. పన్ను లేని నవ్వు ముఖమంతా పాకింది. చూడామణి తన ఊపిరీ బిగబట్టి నొక్కింది.

బయటికి రాగానే త్యాగరాజు కెమెరా అందుకుని పట్టీలు తడిమి చూసుకున్నాడు. "సూసావా, ఎక్కడివక్కడే ఉన్నాయి" అని సంతోషించాడు. తోవంతా చూడామణికి ఒకటే బెంగ. ఆవిడ కదిలిందో లేదో, తన అంకె సరిపోయిందో లేదో!

మధ్యాహ్నం చీకటి గదిలో ఫిల్ము కడిగి, దండేనికి తగిలించి, తలుపు తీసింది. పదకొండోది గాజుముక్కలా ఖాళీగా ఉంది. పన్నెండోదాంట్లో జగ్గమ్మ గారుంది. ముడతలతో, ముక్కుపుడకతో, నవ్వుతో, మొత్తం మనిషి. చూడామణికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

త్యాగరాజు వచ్చి వెలుతురుకెత్తి చూశాడు. "ఇదేటి? ఒకటి ఇలా కాళీగా వచ్చీసిందేటి? నీ సెయ్యి గాని తగిలిందా?"

"తగిలిందండీ" అంది చూడామణి. "పదకొండోది మీరంటించిన అంకెతోనే తీసేను, మీరు సెప్పినట్టే. నా సెయ్యి తగిలింది పన్నెండోదానికి."

ఆయన ఆ రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. ముందు ముఖం ఎర్రబడింది, తరవాత వాడిపోయింది. చివరికి, తన మాట తనకే వినబడనంత మెల్లగా, "అయితే సీపురుపల్లి బొమ్మలూ..." అన్నాడు.

గెలిచేయొచ్చు ఆ క్షణంలో. కానీ ఆయన ముఖం చూస్తే ఆమెకి మొగలిపువ్వూ, తడిగుడ్డా గుర్తొచ్చాయి. అబద్ధమాడాలనీ అనిపించలేదు.

"ఏమోనండీ. ఆ రోజు పట్టీ లేదు కదా" అంది.

మర్నాడు పొద్దున్న కాగితం మీదికెక్కిన జగ్గమ్మ గారిని తిరగేసి, వెనకాల వెయ్యడానికి త్యాగరాజు తన పేరున్న రబ్బరు ముద్ర తీశాడు. చూడామణి మచ్చలు పూడ్చే పెన్సిలు అందుకుంది. "ఉండండి. ఎవులు తీసేరని ఆవిడ కూతురు అడుగుతాదిట" అని, చూడామణి అని రాసింది. అక్షరాలు కొంచెం వంకరపోయాయి. త్యాగరాజు ముద్ర పక్కన పెట్టేసి, ఆ పేరుని ఒకసారి చదివి, కొత్త ఫిల్ము రాగానే వెళ్ళాల్సిన లోగిలి కోసం ప్లాస్టరు చుట్ట తీసి ముక్క కత్తిరించబోయాడు.

చూడామణి గోధుమరంగు గోళ్ళ చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వండి. అంకె పెట్టుకున్నాక నేనే అంటించుకుంటాను."