బరి నడుమ గుంత

మా అన్న కోటేశ్వర్ సైన్యంలో ఉండగా మంచుపెళ్లలు విరిగిపడి చనిపోయాడు. పదేళ్లు దాటింది. ఇన్నేళ్లూ ఉదయగిరిలో ఆయన పేరెత్తినవాడు లేడు. ఊరి చివర మేం కబడ్డీ ఆడిన నేలకు ప్రహరీ కట్టి, మెట్లు వేసి స్టేడియం అన్నాక మాత్రం అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చాడు. వీరజవాను కోటేశ్వర్ స్టేడియం అట. పెట్టుకోనీ, మంచి పేరే.

నాకు మండింది గుంత దగ్గర. స్మారక స్తంభం కోసమని కమిటీ పెద్ద జనార్దనయ్య సరిగ్గా బరి నడుమ గుంత తవ్వించాడు. ఆత్మకూరులో పొట్టేళ్లను దించి వస్తూ చూశాను. ఆటోను గేటు ముందే వదిలేసి, పోయి గుంతలో కూర్చున్నాను.

"ఏందిరా చెంచయ్యా ఇది? లెయ్," అన్నాడు జనార్దనయ్య.

"లెయ్యను. స్తంభం తెచ్చి నా నెత్తిన పెట్టు."

"బస్సులో పొయ్యేవాళ్లకు కనపడాలని నడుమ పెడతా ఉండాం. మీ అన్నకే గదా గౌరవం!"

"మా అన్న కూతకొస్తే ఈ బరిలో ఒక్కడు నిలబడేవాడు కాదు. ఆయన పేరు చెప్పి బరినే లేకుండా చేస్తావా? పిల్లోళ్లు యాడ ఆడాల, మీ మిద్దె మీదా?"

కూలీలు నవ్వారు. జనార్దనయ్యకు కాలింది. "ఏడో తరగతి తప్పినోడివి, ప్లాను గురించి నీకేం తెలుసురా?"

"ఏడు కాదు సారూ, ఐదు. తప్పలా, మానేసినా."

నన్ను లేపలేక మా అమ్మ మస్తానమ్మను పిలిపించాడు. అప్పుడు మాత్రం కాస్త జంకాను. స్తంభం కావాలని మొదట అడిగింది ఆమే. కొడుకు పేరు ఎత్తున నిలబడాలని ఆమె ఆశ. మనవరాలు అంజలి చేయి పట్టుకుని వచ్చింది. అంజలి మా అన్న కూతురు, ఆడపిల్లల కబడ్డీ జట్టుకు కెప్టెన్.

"లెయ్ నాయనా. అన్న పేరుకు నువ్వే అడ్డమా?" అంది అమ్మ.

నేను వాదించలేదు. "స్తంభం చుట్టూ ఏం కడతారో సారును అడగమ్మా," అన్నాను.

"ఇనుప కంచె కట్టి తాళమేస్తాం. ఎవురూ ముట్టుకోకుండా," గర్వంగా చెప్పాడు జనార్దనయ్య.

అమ్మ ముఖం మారింది. అన్న శవం వచ్చిన పెట్టెను ఆ రోజు సైన్యంవాళ్లు తెరవనివ్వలేదు. ఆమె చేయి చెక్క మీదే తిరిగి తిరిగి ఆగిపోయింది.

"ముట్టుకోకూడదా? నేను గూడానా?" అంది.



"బరిలోకి దిగే చోట, గీతకు ఇవతల, పేరు చెక్కిన బండ పరిపిద్దాం," అన్నాను.

"పేరు మీద కాళ్లు పడవట్రా!" అంది అమ్మ.

"కాలు గాదు అవ్వా," అంది అంజలి. "దిగేముందు మేం నేలను చేత్తో తాకి కళ్లకద్దుకుంటాం గదా. ఆ చెయ్యి నాయన పేరు మీద పడతాది. కాలు దాటి ఆ పక్క పడతాది."

అమ్మ గుంతలోకి చూసింది. తర్వాత కూలీల వైపు తిరిగింది.

"పూడ్చండయ్యా. ఒకడు పోయింది చాలు, ముందు వీణ్ణి బయటికి లాగండి."

ప్రారంభం రోజు నన్ను వేదిక మీదికి పిలవలేదు. ఆ పిలుపు కోసం నేనేమీ కాచుకుని లేను, బరికి సున్నం గీతలు వేస్తున్నాను. ప్రారంభించడానికి వచ్చిన నాయకుడు తెచ్చిన గజమాల వేయడానికి స్తంభం లేదు, చివరికి దాన్ని గేటుకు తగిలించారు. అంజలి ముందుగా వంగి బండను తాకి, కళ్లకద్దుకుని, దాటింది. ఆమె వెనక జట్టంతా. అనంతసాగరం నుంచి వచ్చిన పిల్లలు కూడా చూసి అలాగే చేశారు.

అందరూ దిగాక అమ్మ ముందువరస కుర్చీలోంచి లేచి వచ్చి బండ పక్కన నేల మీద కూర్చుంది. పేరు మీద అరచేయి ఆనించింది.

"అవ్వా, ఆట మొదలుపెట్టాల. కొంచెం జరుగు," అన్నాడు రిఫరీ.

"నువ్వే జరగబ్బాయా," అంది అమ్మ.

రిఫరీ జరిగి, విజిల్ వేశాడు.