ఆషాఢమాసపు శుభలేఖ

బెజవాడలో ఒక తపాలా ఆఫీసు వెనక గదిలో జక్కయ్య రోజూ పది గంటలకల్లా కెటిలు పెట్టేవాడు. టీ కోసం కాదు. ఎమర్జెన్సీ వచ్చి ఏడాది దాటింది. జాబితాలో పేర్లున్నవాళ్ల ఉత్తరాలకు ఆవిరి పట్టి, అతుకు ఊడదీసి, చదివే అధికారి బల్లమీద పెట్టాలి. ఆయన చదివాక మళ్లీ జిగురు రాసి ఏమీ ఎరగనట్టు అంటించాలి. ఇరవై ఏళ్లు ఉత్తరాలు సార్టింగు చేసిన చేతులు గనక కాగితం చిరగనిచ్చేవి కావు. ఆ పనితనం చూసే అతన్ని ఏరి ఇక్కడ కూర్చోబెట్టారు. కంచే చేను మేయాలన్నా కాస్త నేర్పరి కంచె కావాలి మరి.

ఉన్న ఒక్క కిటికీ మూసే ఉండేది. మధ్యాహ్నానికి గదంతా ఆవిరి కమ్మేసి గోడలు ఎక్కడున్నాయో తెలిసేది కాదు. ఆ తెల్లటి మసకలో జక్కయ్య ఉత్తరాలు చదువుతూ ఎవరెవరి ఇళ్లలోనో తిరిగొచ్చేవాడు. చదవడం అతని పని కాదు. అయినా విప్పిన కాగితం కళ్లముందుంటే చదవకుండా ఉండటం ఎవరి తరం?

హైదరాబాదు నుంచి టైపు కొట్టి వచ్చిన జాబితాలో మొదట పదకొండు పేర్లే ఉండేవి. ఇప్పుడవి ముప్పై నాలుగు. తర్వాతవన్నీ నీలం సిరాతో చేత్తో రాసినవి. రాయించినవారు రామకోటేశ్వరరావు గారు, ఉయ్యూరు అవతల కాలువ నీటి సంఘానికి పెద్ద. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం. గెస్టుహవుసులో పెద్దాఫీసర్లు దిగారని తెలిస్తే చాలు, నూజివీడు రసాలు బుట్టలకొద్దీ దింపేవారు. రసాలు అయిపోయేలోపు జాబితాలో ఇంకో పేరు చేరేది. ఆయన చెరుక్కి కాలువ నీళ్లు మళ్లించుకుంటుంటే, చివరి భూముల రైతు బసవయ్య కలెక్టరుకు అర్జీ పెట్టాడు. నీళ్లడిగినవాడు దేశానికి ముప్పు అయ్యాడు. పోలీసులు వచ్చేసరికి బసవయ్య ఊళ్లో లేడు. అప్పుడు అతని భార్య రావమ్మ పేరు నీలం సిరాలో ఎక్కింది.

బసవయ్య ఉత్తరాలు బెజవాడ స్టేషను డబ్బాలో పడేవి. ఎక్కడున్నాడో ఆనవాలుండేది కాదు. ఇంటి సంగతులే అడిగేవాడు. జామచెట్టు కింద మంచం కుక్కి అయిపోయింది, నులక బిగించావా? కుంటి పెయ్య మేత మేస్తోందా? చిన్నది ఇంకా నా చొక్కా వేసుకునే తిరుగుతోందా?

జక్కయ్య మిషను హాస్టల్లో పెరిగాడు. ఆదివారం ఉత్తరాలు పంచేటప్పుడు అతని పేరు ఒక్కసారీ పిలవలేదు. అతనికీ భార్య శౌరమ్మకూ పిల్లల్లేరు. అందుకేనేమో ఆ మంచం, ఆ పెయ్య, మోకాళ్ల కిందికి చొక్కా జారే ఆ పిల్ల ఆవిరిలో అతనికి స్పష్టంగా కనిపించేవి. రాత్రి కంచం ముందు కూర్చుని, "పెయ్య మేసిందో లేదో" అన్నాడొకసారి. శౌరమ్మ భర్త నుదురు పట్టుకు చూసింది.

మూడో ఉత్తరం చివర బసవయ్య ఇలా రాశాడు: వచ్చే ఉత్తరంలో నేనున్న చోటు రాస్తాను.

చదివే అధికారి వెంకటసుబ్బారావు గారు ఆ మాట కింద ఎర్ర పెన్సిలు గీత గీసి, రామకోటేశ్వరరావు గారికి ఫోన్ చేశారు. వెంకటసుబ్బారావు గారు చెడ్డవారు కాదు, భయస్థులు. రెండింటికీ తేడా ఎదుటివాడి ప్రాణానికి ఏమీ తెలియదు. ఆయనకు ఒకే ఒక్క నియమం ఉండేది.

"పసుపు పెట్టిన కవర్లు మాత్రం కెటిలు దగ్గరికి తేవద్దయ్యా. శుభమా అని పంపుకున్నదాన్ని ఊడబీకితే నా పిల్లలకు తగులుద్ది."

నాలుగో ఉత్తరం వచ్చిన పూట జక్కయ్య జేబులో పొడుం డబ్బా ఉంది. అందులో శౌరమ్మ వంటింటి పసుపు. కవరు నాలుగు మూలలా తడివేలితో అద్ది, విప్పకుండా పంపే శుభలేఖల బుట్టలో వేశాడు. ఉత్తరం ఎవరూ విప్పకుండా రావమ్మకు చేరింది. తర్వాత ఇంకో రెండు అలాగే దాటాయి. "ఏంటయ్యా, బసవయ్య రాయడం మానేశాడా?" అని అధికారి అడిగినప్పుడల్లా జక్కయ్య తల వంచుకుని జిగురు కలుపుకునేవాడు. వాటిలో ఏముందో అతనికీ తెలియదు. తెలియకపోవడం ఇంత హాయిగా ఉంటుందని అతనెప్పుడూ అనుకోలేదు.

ఏడో ఉత్తరం ఒక బుధవారం వచ్చింది. పసుపు అద్ది బుట్టలో వేశాడు. వెంకటసుబ్బారావు గారు మంచినీళ్లకు లేచి, బుట్ట దగ్గర ఆగిపోయారు.

"ఆషాఢమాసంలో శుభలేఖేంటయ్యా?"

జక్కయ్య పటమట చర్చిలో పోయిన గురువారమే పెళ్లి జరిగితే వెళ్లి భోంచేసి వచ్చాడు. ఆషాఢంలో హిందువుల ఇళ్లలో ముహూర్తాలు ఉండవన్నది అతని బుర్రకు తట్టనేలేదు.

"కెటిలు పెట్టు," అన్నారాయన, కవరు మీది రాత చూసి.

ఆవిరికి పసుపు కరిగి జక్కయ్య వేళ్లమీదికి కారింది. అధికారి పైకి చదివారు.

'రావమ్మా, నా ఉత్తరాలకు పసుపెందుకు పెడుతున్నావని అడిగావు. నేను పెట్టలేదే! డబ్బాలో వేసేటప్పుడు ఉత్త కవర్లే. దారిలో ఎవరో మనవాళ్లున్నారు. ఎవరోగానీ ఆ చెయ్యి చల్లగుండాలి. శుక్రవారం పొద్దుగూకే వేళ కాలువగట్టు మీదుగా వస్తున్నా. చిన్నదాన్ని చూసి పోతాను.'

ఒక్క ఉత్తరం కూడా పేరు పెట్టి రాని మనిషికి మొదటి ఉత్తరం అలా అందింది. అందిన చోటే పట్టుబడ్డాడు.

వెంకటసుబ్బారావు గారు జక్కయ్య వేళ్లవంక చూశారు. "నీ పేరు రాయకపోతే నా పేరు రాస్తారు జక్కయ్యా," అన్నారు. "సస్పెన్షను ఆర్డరు రేపొస్తుంది, ఇంటికెళ్లు. వెళ్లే ముందు దీన్ని అంటించు." ఎటో చూస్తూ, "పసుపు కూడా పెట్టు. ఎప్పటిలాగే ఉండాలి," అన్నారు.

ఇక పిల్లలకు తగలదు కాబోలు! జక్కయ్య పెట్టాడు. తన జన్మలో అంత సిగ్గుపడిన పని ఇంకోటి లేదు.

అతను ఇంటికి వెళ్లలేదు. ఉయ్యూరు బస్సెక్కాడు. ఆ కవరు రేపటి సంచిలో వెళుతుంది, తను ఈ సాయంత్రమే వెళ్లాలి. బస్సు దిగి కాలువగట్టున నడుస్తుంటే, పైన నిండుగా పారిన నీళ్లు ఊరు దగ్గరపడేకొద్దీ సన్నగిల్లి, చివరికి నెర్రెలిచ్చిన మడులే మిగిలాయి. ఇల్లు అడగక్కర్లేకపోయింది. జామచెట్టు తను అనుకున్నంత పెద్దది కాదు. మంచం మాత్రం కుక్కిగానే ఉంది. మోకాళ్ల కిందిదాకా చొక్కా వేసుకున్న పిల్ల పెయ్యకు గడ్డి పెడుతోంది. కలలోకి నడిచి వచ్చినట్టుంది అతనికి.

"ఎవరు కావాలండీ?" రావమ్మ గడపలోంచే అడిగింది.

"రేపు మీకో ఉత్తరం వస్తదమ్మా. శుక్రవారం వస్తానని ఉంటది. ఆయన్ని రానివ్వొద్దు. గట్టుమీద పోలీసులు కాపు కాస్తారు."

ఆవిడ ముఖం గట్టిపడింది. "రాని ఉత్తరంలో ఏముందో మీకెట్టా తెలుసు?"

బస్సులో కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "విప్పేది నేనేనమ్మా," అన్నాడు. "మొదటి మూడూ, ఈ చివరిదీ విప్పాను."

ఆవిడ తలుపు మూయబోయింది. పిల్ల దగ్గరికొచ్చి అతని చెయ్యి పట్టుకుని చూసింది. "అమ్మా, ఈయన వేళ్లకి పసుపుందే!"

రావమ్మ ఆ వేళ్ల వంక చూసింది. కళ్లు తుడుచుకుని, "కూర్చోండి అన్నయ్యగారూ," అంది. పెరట్లో ఉన్న తమ్ముణ్ణి కేకేసి, సైకిలు తియ్యమని, ఎక్కడికి వెళ్లాలో చెప్పబోయింది. జక్కయ్య గబగబా లేచి, వినపడనంత దూరం జామచెట్టు అవతలికి నడిచాడు.

సైకిలు వెళ్లిపోయిన చప్పుడు విన్నాకే వెనక్కి వచ్చాడు. రేపటినుంచి ఉద్యోగం లేదు. శౌరమ్మకు ఏం చెప్పాలో తెలియదు. మంచం కోళ్ల దగ్గర గొంతుక్కూర్చుని నులక ముడి విప్పి, ఒక్కో పేటా లాగి బిగించడం మొదలుపెట్టాడు.