అరిగిపోయిన వేళ్ళు

యంత్రం నా వేళ్ళని గుర్తుపట్టలేదు. అంతకన్నా చల్లని కబురు ఆ ఏడాదిలో నేను వినలేదు.

వీసా ఆఫీసులో ముద్రలు తీసే చిన్న గాజుపలక మీద కుడిచేతి వేళ్ళు ఆనించాను. ఎర్ర దీపం వెలిగింది. ఎడమచెయ్యి పెట్టాను, మళ్ళీ ఎర్ర దీపమే. కౌంటరు వెనక కూర్చున్నావిడ ఇంకాస్త నొక్కమంది, తర్వాత ఇంకాస్త తేలిగ్గా పెట్టమంది, తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమంది. చివరికి కళ్ళజోడు పైకి తోసుకుని నా అరచెయ్యి తిప్పి చూసింది.

"ఏం పని చేస్తారండీ?"

"తాపీ పనండీ. టైల్స్ పరుస్తాను."

"అదీ సంగతి. సిమెంటు తినేసింది. ఒక్క గీత కూడా లేదు చూడండి."

పక్కన నిలబడ్డ మా ఆవిడ ముఖం వాడిపోయింది. నేను మాత్రం పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి వదిలాను. ఇన్నేళ్ళూ తడి సిమెంటులో చేతులు పెట్టినందుకు నా వేళ్ళు నాకు చేసిన ఉపకారం ఇది అనుకున్నాను. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు.

"పదిహేను రోజులు పని మానేసి క్రీము రాయండి. గీతలు వాటంతటవే వస్తాయి," అని ఆవిడ చీటీ మీద తేదీ వేసింది.

"వస్తాయంటారా?" అంది మా ఆవిడ ఆశగా.

"రాకెక్కడికి పోతాయమ్మా? పుట్టినప్పుడు వచ్చినవే కదా."

బయటికి వచ్చి బస్సు ఎక్కేదాకా మా ఆవిడ ఏ క్రీము కొనాలో చెబుతూనే ఉంది. నేను తల ఊపుతూనే ఉన్నాను.

మా ఆవిడ నర్సు. వేరే దేశంలో ఒక ఆసుపత్రి ఆమెని రమ్మంది. భర్తనీ కూతుర్నీ కూడా తెచ్చుకోవచ్చంది. ఫారాలన్నీ ఆమే భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో ప్రశ్న పైకి చదువుతూ నింపింది. "మీకు ఎప్పుడైనా నేరానికి శిక్ష పడిందా?" అని చదివి, తలెత్తకుండానే నవ్వింది.

"బొద్దింక కనబడితే చీపురు నా చేతిలో పెట్టి వీధిలోకి పోతారు. మీకు శిక్షా?" అంటూ "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టింది.

నోరు తెరవాలంటే అదే సమయమని నాకు తెలుసు. తెరిచాను కూడా, కానీ దగ్గు వచ్చినట్టు దగ్గి మంచినీళ్ళకి లేచాను. కింద సంతకం మాత్రం నాదే.

శిక్ష పడింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. రెండేళ్ళ మూడు నెలలు లోపలున్నాను. అప్పుడే పరిచిన నేల మీద మా సూపర్వైజరు బూట్లతో నడిచాడు. ఇంకా ఆరలేదు సార్ అన్నాను. మళ్ళీ నడిచాడు, ఈసారి కావాలనే, మా అమ్మని ఒక మాట అంటూ. నా చేతిలో తాపీ ఉంది. అది అతని కంటికి తగిలింది. తగిలింది అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నేను కొట్టాను. ఆ కన్ను పోయింది.

స్టేషన్లో నా పేరు అడిగితే తోటివాళ్ళు పిలిచే పేరే చెప్పారు, బుడ్డోడు అని. అదే కాగితాలకెక్కింది. పాస్‌పోర్టులో ఉన్నది బళ్ళో వేసిన పేరు. అందుకని పేరుతో వెతికితే నేను దొరకను, వేళ్ళతో వెతికితే దొరుకుతాను. ఆ రోజు నల్ల సిరా పూసి పది వేళ్ళూ కాగితం మీద దొర్లించారు. ఇప్పుడు ఈ యంత్రం తీసే ముద్రలని ఆ పాత ముద్రలతో పోల్చి చూసి, మచ్చలేదని కాగితం ఇస్తేనే వీసా. రెండూ కలిశాయంటే ఫారంలో మేం రాసింది అబద్ధమని తేలుతుంది. అబద్ధమాడిన ఇంటిల్లిపాదికీ తలుపు మూసేస్తారు. మా ఆవిడ పదేళ్ళ కష్టం నా మూలాన మట్టిగొట్టుకుపోతుంది. అదొక భయం. ఆమెకి తెలిసిపోతుందన్నది రెండో భయం. నిజం చెప్పాలంటే రెండోదే పెద్దది.

మర్నాటినుంచి మా ఇంట్లో నా వేళ్ళకి రాజభోగం మొదలైంది. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే మా ఆవిడ గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి నా చేతులు నానబెట్టేది. మెత్తటి తువ్వాలుతో అద్ది, ఒక్కో వేలికీ క్రీము రాసి, గోరు దగ్గరనుంచి కొసదాకా నెమ్మదిగా రుద్దేది. నన్ను కాఫీ కప్పు కూడా కడగనిచ్చేది కాదు.

"ఇంత మెత్తటి చేతులు పెళ్ళినాడు కూడా లేవు మీకు," అని ఒకరోజు నవ్వింది.

ఆ చేతుల్ని పట్టుకుని ఎంత మురిపెంగా రుద్దేదో, నా లోపల అంత చలి పుట్టేది. నా పాతరోజుల్ని తన చేతులతో తనే పైకి తెస్తోందని ఆమెకి తెలియదు.

మా తొమ్మిదేళ్ళ కూతురు బళ్ళో ఇచ్చిన భూతద్దం పట్టుకుని రోజూ తనిఖీకి వచ్చేది. "నాన్నా, ఈ వేలికి మూడొచ్చాయి," అని గంతులు వేసేది. ఎనిమిదో రోజుకి చూపుడువేలి మీద ఒక సుడి నాకు భూతద్దం లేకుండానే కనబడింది. వీధి తలుపు కొడితే చాలు ఉలిక్కిపడేవాణ్ణి. పాలు వేసే అతన్ని చూసి కూడా ఒకసారి వెనకగదిలోకి వెళ్ళాను.

ఇక ఆగలేక మామ దగ్గరికి పరిగెత్తాను. మా అమ్మ తమ్ముడు. నన్ను జైలు గేటు దగ్గరనుంచి ఇంటికి తెచ్చినవాడూ, రెండు ఊళ్ళు మార్పించి, ఆరేళ్ళ తర్వాత మా ఆవిడ సంబంధం కుదిర్చినవాడూ ఆయనే. రాతిపలకలకి మెరుగుపెట్టే పని చేసి చేసి ఇప్పుడు చెవులు కాస్త మందగించాయి.

"చెప్పేద్దామా మామా?" అన్నాను.

"చెప్తే ముందు నా గడ్డం పట్టుకుని లాగుద్ది మీ ఆవిడ. ఏ వంకా లేని కుర్రాడని వాళ్ళ నాన్నకి మాటిచ్చింది నేనేరా."

"మరి ఏం చెయ్యను? రోజురోజుకీ తేలుతున్నాయి."

మామ నా వేళ్ళు వెలుగులో పెట్టి, పనివాడి కళ్ళతో చూశాడు. "నల్లరాయిని అద్దం చేసినోణ్ణి. ఈ వేళ్ళెంత? కాకపోతే గరుకు కాగితంతో గీకితే నర్సుకి తెలిసిపోద్ది. తడి సిమెంటూ ముతకిసకా కలిపి రుద్దు. అదైతే నీ పని మూలానే అనుకుంటది. ఇంట్లో టైలు పలకొకటి ఊడింది, అతికించానని చెప్పు."

సరేనన్నాను. మంచి సలహా అనిపించలేదు, కానీ ఇంకో సలహా ఇచ్చేవాడు లేడు.

పదమూడో రోజు మధ్యాహ్నం. మా ఆవిడ డ్యూటీలో ఉంది, అమ్మాయి బడికెళ్ళింది. స్నానాలగదిలో కుళాయి కింద పలకని ఎంచుకున్నాను. అది నేనే పదకొండేళ్ళ కింద, ఈ ఇంట్లో దిగిన వారంలో పరిచాను. ఉలి పెట్టి కొడితే కదల్లేదు. ఇంకోటి చూశాను, అదీ అంతే. నా పనితనాన్ని నేనే తిట్టుకుంటూ సుత్తితో బాదితే చివరికి పలక ముక్కలైంది, ఊడలేదు. ముక్కలు పెకిలించి, సిమెంటు కలిపి, వట్టి చేతులతో ముతకిసకలో వేళ్ళు రుద్దడం మొదలుపెట్టాను. మంట పుట్టింది. కుడి బొటనవేలి చర్మం లేచింది. ఆపలేదు.

గుమ్మంలో చప్పుడు వినబడలేదు, కుళాయి తిప్పి ఉంది కదా. తలెత్తేసరికి మా ఆవిడ నిలబడి ఉంది. కొత్త కోటు కొనడానికని సగం రోజు సెలవు పెట్టిందట.

"పలక ఊడింది," అన్నాను.

ఆమె ముక్కలకేసి చూసింది. వాటి మీద సుత్తి దెబ్బలు కనబడుతూనే ఉన్నాయి.

"మీరు వేసిన పలక ఊడిందా?" అంది. "ఎదురింటివాళ్ళ గోడ కూలింది కానీ దాని మీద మీరు వేసిన పలకలు కదల్లేదు."

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆమె వంగి నా చేతులు కుళాయి కింద పెట్టి, సిమెంటు పోయేదాకా కడిగింది. రక్తం వస్తున్న బొటనవేలు చూసింది.

"వీటిని ఎవరికి చూపించకూడదని?"

అంత సూటిగా అడిగితే ఇంక దాచడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. తడినేల మీద కూర్చునే మొత్తం చెప్పాను. కటకటాలు చెప్పాను, అన్నంలో రాళ్ళు చెప్పాను, గదిలో పద్నాలుగు మంది ఎలా పడుకునేవాళ్ళమో చెప్పాను. అమ్మ ఒక్కసారి కూడా చూడడానికి రాలేదని చెప్పి ఏడ్చాను. అంతా అయ్యాక కుళాయి కట్టేసింది.

"ఏ కన్ను?" అంది.

"ఏంటి?"

"అతనిది పోయింది ఏ కన్ను?"

కుడి అనబోయాను. ఎడమ అనబోయాను. రెండూ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. నాకు తెలియదు.

"అన్నంలో రాళ్ళు గుర్తున్నాయి," అందామె. "ఏ కన్నో గుర్తులేదా?"

లేచి వెళ్ళి మందుల డబ్బా తెచ్చి, బొటనవేలికి కట్టు కట్టింది. వార్డులో ఎవరికో కట్టినట్టు కట్టింది. ఆ సాయంత్రం క్రీము రాయలేదు, మర్నాడూ రాయలేదు. అమ్మాయి భూతద్దం తెస్తే, చదువుకోమని పంపేసింది. నాతో పప్పు వడ్డించనా, తలుపు వేశారా, అంతే. నేను కుక్కిన పేనులా పడి ఉన్నాను. బీరువా తెరిచిన చప్పుడైతే, తన బట్టలూ పిల్ల బట్టలూ వేరు చేస్తోందేమోనని చెవులు రిక్కించేవాణ్ణి. వాళ్ళిద్దరూ విమానం ఎక్కి నేను ఈ స్నానాలగదిలో మిగిలిపోతానని రూఢి చేసుకున్నాను. జైల్లో కూడా నేను అంత భయపడలేదు.

పదిహేనో రోజు పొద్దున్నే అమ్మాయిని బడికి పంపి, నా ముందు ఒక తెల్లకాగితం పెట్టింది.

"ఆఫీసుకి ఫోన్ చేశాను. ముద్రలు పోల్చి చూసేలోపు తప్పు దిద్దుకోవచ్చట. మన చేత్తో మనం రాసివ్వాలి. ఇచ్చినా వద్దనొచ్చు. రాయండి."

"వద్దంటే నీ ఉద్యోగం?"

"వద్దంటే ఇక్కడే ఉంటాం. ఆ టిక్కు అలా ఉంచి మాత్రం నేను రాను. పాలబ్బాయిని చూసి దాక్కునే మనిషితో అక్కడ మాత్రం ఎలా కాపురం చెయ్యను?"

ఉంటాం అంది. ఉంటాను అనలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని కలం తీశాను. తేదీ రాశాను, చోటు రాశాను, బుడ్డోడన్న పేరు రాశాను. "తాపీతో అతని" అని రాసి ఆగిపోయాను.

ఆమె నా పనిసంచీలోంచి తాపీ తీసి నా చేతిలో పెట్టింది.

"లేవండి. ఎంత పొడుగు అతను?"

"నా అంత ఉంటాడు."

ముక్కాలిపీట లాక్కుని ఎక్కింది. "ఎంత దూరంలో ఉన్నాడు?"

"ఇంతే."

"అయితే చెయ్యెత్తండి."

"నావల్ల కాదు."

"ఆ రోజు అయింది కదా. ఎత్తండి."

ఎత్తాను. తాపీ గాలిలో నెమ్మదిగా వెళ్ళి ఆమె ముఖానికి బెత్తెడు దూరంలో ఆగింది. ఆమె కళ్ళు మూసుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, అతనూ మూసుకోలేదు. నేను కొడతానని అతను అనుకోలేదు. పంతొమ్మిదేళ్ళలో నేను అతని ముఖాన్ని చూడడం అదే మొదటిసారి. తాపీ కొసకి ఎదురుగా ఉన్నది మా ఆవిడ ఎడమకన్ను.

తాపీ కింద పెట్టేసి, బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఆమె పీట దిగింది. ఆమె చేతులు వణకడం అప్పుడు చూశాను.

"రాయండి," అంది.

కౌంటరు దగ్గర అదే ఆవిడ ఉంది. బొటనవేలి కట్టు విప్పించి, వేళ్ళు తుడిపించి, పలక మీద పెట్టమంది. పచ్చదీపం. రెండో చెయ్యి. మళ్ళీ పచ్చదీపం. లేచిపోయిన చర్మం పక్కన మిగిలిన గీతలు చాలట.

"చూశారా, నేను చెప్పలేదూ," అంది నవ్వుతూ. "ఇంకేమైనా ఉందా అండీ?"

మా ఆవిడ వెనక కుర్చీలో ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుంది. కాగితం నా జేబులోనే ఉంచింది. అది తీసి కిటికీలోంచి లోపలికి తోశాను.

ఆవిడ చదివింది. నవ్వు పోయింది. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. నా చేతులకేసి ఒకసారి, కాగితంకేసి ఒకసారి చూసింది.

"జవాబు మూడు నెలలకి వస్తుంది. ఏమంటారో నేను చెప్పలేను," అంది. తర్వాత ఒక వరస మీద వేలు పెట్టి, "ఇక్కడ సరిగ్గా కనబడట్లేదు, సిరా అలుక్కుపోయింది. ఏ కన్నండీ?" అని అడిగింది.

మా ఆవిడ వైపు చూడలేదు.

"ఎడమకన్నండీ," అన్నాను.